దిక్కు మారని ఓడ

మా ఆయనదీ నాదీ ఒకటే ఉద్యోగం, ఒకటే డ్యూటీ: మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఓడ నడపడం. ఓడలే వేరు. నేను సెలవు మీద దిగేసరికి ఆయన ఎక్కేస్తాడు. మొగుడి మొహం చూసి పదకొండు నెలలైంది.

ఆ రోజు ఒంటిగంటన్నరకి రాడార్ తెర మీద ఆయన ఓడ పేరు కనిపించింది. మాకు ఎడమవైపు, పది మైళ్ల దూరంలో. మా దారులు కలుస్తాయని తెలిసిన మూడు రోజుల నుంచీ కళ్లల్లో వత్తులు వేసుకుని ఉన్నాను. నా నోట్లో నువ్వుగింజ నానదు కదా, సంగతి ఓడంతా తెలిసిపోయింది.

కంపాస్‌లో దాని దిక్కు చూశాను. ఐదు నిమిషాలాగి మళ్లీ చూశాను. దిక్కు మారలేదు, దూరం మాత్రం తగ్గుతోంది. ఇలాగే వెళ్తే రెండు ఓడలూ ఢీకొంటాయన్నమాట. ఎవరికైనా పైప్రాణాలు పైనే పోవాలి. నాకేమో పట్టరాని సంతోషం. ఇంకాస్త దగ్గరికి రానీ అనుకున్నాను, సిగ్గు లేకుండా.

ఎదుటి ఓడ కుడివైపు కనిపిస్తే దారివ్వాలని రూలు. ఆయనకి కుడివైపున ఉన్నది నేను. తప్పుకోవాల్సింది ఆయనే. నేను దారీ, వేగమూ మార్చకూడదు. ఇంట్లో ఏనాడూ నా మాటకి తగ్గని మనిషి!

"తప్పుకుంటాడంటావా మీ ఆయన?" కెప్టెన్ గారు టీ కప్పుతో వచ్చి అడిగారు.

"తప్పుకుంటాడు సార్. కానీ మూడు మైళ్ల దాకా ఆగుతాడు, చూడండి."

ఆరు మైళ్ల దగ్గరే తిరిగాడు. కుడికి, బాగా, గుడ్డివాడికి కూడా తెలిసేంతగా.

"మీ వెనక నుంచి వెళ్తున్నాం," రేడియోలో ఆయన గొంతు.

"సరే. నా దారి మార్చను," అన్నాను. అందరూ వినే ఛానెల్, ఇంకేం అంటాం?

"ముందుగా తిరగాలి, పెద్దగా తిరగాలి. పద్ధతిగా చేశాడమ్మా," అన్నారు కెప్టెన్ గారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఏం కొంప మునిగిందని అంత తొందర? రెండు ఓడల్లో అంతమంది ప్రాణాలని నాకూ తెలుసు. అయినా మండింది.

"వెళ్లమ్మా, ఇక్కడ నేను చూసుకుంటాను," అన్నారు కెప్టెన్ గారే.

బైనాక్యులర్స్ పట్టుకుని బయటి వరండాలోకి పరిగెత్తాను. రెండు మైళ్ల అవతల, ఆ ఓడ అంచున నారింజ రంగు చుక్క. అది చేతులెత్తింది. భుజాలు నొప్పెట్టేదాకా ఊపాను. కనిపించానో లేదో. కాసేపటికి చుక్క లోపలికెళ్లిపోయింది. డ్యూటీలో ఉన్నవాడు ఎంతసేపని నిలబడతాడు?

"ప్రమాదం తప్పినట్టేనా?" లోపల్నుంచి కెప్టెన్ గారు అడిగారు.

"తప్పింది సార్," అన్నాను, ఏడుస్తూనే.