గిన్నె పాటలో వెక్కు

మూడో వెక్కు సరిగ్గా రాలేదు. మొదటి రెండూ బాగానే పడ్డాయి. మూడోది గొంతులో సగం దూరం వచ్చి, మనసు మార్చుకున్నట్టు వెనక్కి పోయింది. ఆమె లవంగాన్ని ఎడమ బుగ్గ నుంచి కుడి బుగ్గకు మార్చుకుని, స్నానాలగది గోడకు చెయ్యి ఆనించి, పొట్ట లోపలికి లాగి, గాలిని సగం మింగి, మిగతా సగాన్ని ముక్కులోంచి తెంపినట్టు వదిలింది. ఈసారి కుదిరింది. కుదిరిందని ఎలా తెలిసిందంటే, పైవాటాలో కొత్తగా దిగిన అమ్మాయి గబగబా మెట్లు దిగి వచ్చి తలుపు బాదింది.

"ఏమైంది పిన్నిగారూ? ఎవరికైనా ఏమన్నా..."

"ఏం కాలేదమ్మా. పని చేసుకుంటున్నాను."

పాతవాళ్ళయితే రారు. కచేరీ ఉన్న ప్రతి పొద్దునా ఆ వాటాలోంచి మూడు వెక్కులు వినిపిస్తాయని వీధి వీధంతటికీ తెలుసు. ఒకసారి నిజంగానే కాలు జారి పడి మోకాలు చితికి ఏడ్చినప్పుడు కూడా ఒక్కరంటే ఒక్కరు తొంగిచూడలేదు. ఆ మోకాలు ఇప్పటికీ మెట్ల దగ్గర ఆమెకు ఆ సంగతి గుర్తుచేస్తూనే ఉంటుంది.

ఆమెకు అరవై ఒకటి. సన్నటి మనిషి. మెడ పొడుగు, మెడ కింద ఎముకలు రెండూ గిన్నె అంచుల్లా పైకి కనిపిస్తాయి. ఏళ్ళ తరబడి గాలి బిగబట్టి బిగబట్టి ముక్కుపుటాలు కాస్త వెడల్పయ్యాయి. వాద్యగాళ్ళంతా ఆమెను "వెక్కు పిన్ని" అంటారు. ఆ పేరు విని మొదట్లో ఉడుక్కునేది, తర్వాత నవ్వేది, ఇప్పుడు పిలిస్తే పలుకుతుంది.

మంచం మీద సంచి సర్ది ఉంది. నాలుగు జతల బట్టలు, ఒక తువ్వాలు, పినతల్లి కూతురు రాసిన ఉత్తరం. ఆ చెల్లెలు దూరాన ఒక చిన్న ఊళ్ళో పిల్లలకు సంగీతబడి నడుపుతోంది. పాటలు నేర్పడానికి రమ్మని ఇది మూడోసారి అడగడం. మొదటిసారి అక్కగారు పాడడం మొదలుపెట్టిన నలభై ఏళ్ళ పండగ కచేరీ అడ్డం వచ్చింది. రెండోసారి అక్కగారికి జ్వరం వచ్చింది. ఈసారి చెల్లెలు మొహమాటం పక్కన పెట్టేసింది. "సోమవారం ఎనిమిది గంటలకు పిల్లలు వస్తారు. ఆ వేళకి నువ్వు లేకపోతే వేరేవాళ్ళని పెట్టుకుంటానక్కా, తర్వాత నన్ను అనుకోవద్దు" అని రాసింది. ఇవాళ ఆదివారం. మధ్యాహ్నం మూడున్నర బండి తప్పితే మళ్ళీ రేపు సాయంత్రం దాకా బండి లేదు. ఆమె ఉత్తరాన్ని సంచి అడుగున పెట్టింది, మళ్ళీ తీసి పైన పెట్టింది.

అక్కగారంటే గాయని. సొంతంగా రాసుకుని, సొంతంగా బాణీ కట్టుకుని, సొంతంగా పాడే మనిషి. మూడు వందల పైచిలుకు పాటలు రాసింది. జనానికి మాత్రం ఒక్కటే కావాలి. గిన్నె పాట. 'వెళ్ళినవాళ్ళ గిన్నె కూడా తోమి పెట్టాను' అని ఒక చరణం ఉంటుంది అందులో. ఆ మాట దగ్గర రికార్డులో పాట ఆగుతుంది. ఒక వెక్కు వినిపిస్తుంది. ఆ తర్వాత, 'రేపు ఆకలేసి వస్తే దేన్లో పెట్టుకు తింటారని' అంటూ పాట సాగుతుంది. ఆ ఒక్క వెక్కు కోసం ఆ రికార్డు కొన్నవాళ్ళు లక్షల్లో ఉన్నారు. అక్కగారు తల్లిని తలుచుకుని ఏడ్చిందని కొందరు, కాదు, ప్రేమించినవాణ్ణి తలుచుకుని ఏడ్చిందని కొందరు, ఈ విషయమై చొక్కాలు పట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

ఏడ్చింది అక్కగారు కాదు. వెనక వరసలో, రెండో మైకు ముందు నిలబడ్డ ఇరవై ఏళ్ళ పిల్ల. ఆ రికార్డుకి రెండోవైపున ఒక పాట ఆమెతో పాడిస్తామని రికార్డు కంపెనీవాళ్ళు మాట ఇచ్చి, ఆ పొద్దున, "అది కూడా ఆవిడే పాడుతుందిలే, నువ్వు వెనక నిలబడు" అన్నారు. సరేనని నిలబడింది. మొదటి చరణం దాకా ఓర్చుకుంది. రెండో చరణంలో ఎవరో వెళ్ళిపోయిన మనిషి గిన్నె దగ్గర, కక్కలేక మింగలేక ఉన్నది కాస్తా ఒక్కసారి బయటపడింది. స్టూడియో గడువు అయిపోయింది, మళ్ళీ తీసే వీల్లేదు. తప్పు అలాగే ఉండిపోయింది. ఉండిపోయి పేరు తెచ్చుకుంది.

కచేరీలలో ఆ వెక్కు కోసం జనం ఎదురుచూడడం మొదలయ్యాక అక్కగారు తనే పెట్టాలని చూసింది పాపం. ఒకసారి తుమ్మబోయి ఆగినట్టు వచ్చింది, ఒకసారి అన్నం మెతుకు అడ్డం పడ్డట్టు వచ్చింది. చివరికి తెర పక్కన ఒక ఎత్తు స్టూలు వేశారు, ఒక మైకు ఇచ్చారు. పదిరోజుల కోసమని వేసిన స్టూలు అది. నలభై ఒక్క ఏళ్ళయింది.

పోనీ వేరేచోట పాడుకుందామంటే అదీ కుదరలేదు. స్వరం కాస్త సాగదీస్తే చాలు, చివర వెక్కు తగులుకునేది. పెళ్ళిపాట పాడినా ఎవరో పోయినట్టే ఉండేది. రెంటికీ చెడ్డ రేవడి అయింది ఆమె బతుకు. భర్త పోయిన రోజున శవం పక్కన కూర్చుని ఆమె ఏడుస్తుంటే, పలకరించడానికి వచ్చిన తబలా ఆయన పక్కాయన చెవిలో, "అచ్చం రికార్డులో లాగే ఉంది కదూ" అన్నాడు. ఆమెకు వినపడింది. అంతే, ఏడుపు ఆగిపోయింది. ఆ మిగిలిన ఏడుపు ఏమైందో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

హాలు దగ్గరికి పదిన్నరకు చేరింది. అక్కగారు పాడడం మొదలుపెట్టి యాభై ఏళ్ళయిందని అభిమాన సంఘం వాళ్ళు సభ పెట్టారు. లోపల చోటు చాలక వీధి మలుపు దాకా స్తంభాలకు లౌడుస్పీకర్లు కట్టారు. దారి పొడవునా అభిమానుల బళ్ళే. ఆటోవాడు లోపలికి రానన్నాడు. సంచి మోసుకుంటూ వెనక మెట్లెక్కి, అలంకరణ గదిలోకి వెళ్ళింది.

అక్కగారు అద్దం ముందు కూర్చుని ఉంది. డెబ్బై రెండేళ్ళ మనిషి, రంగు వేసిన జుట్టు, ఉబ్బిన వేళ్ళు. అద్దంలోంచే సంచిని చూసింది.

"ఏమే, అదేమిటి?"

"మూడున్నర బండికి వెళ్తున్నానక్కా. పోయిన వారమే చెప్పాను మీకు."

"ఏడాదికోసారి చెప్తూనే ఉంటావు."

"ఈసారి నిజం."

అక్కగారు కుర్చీ తిప్పి ఆమె చెయ్యి పట్టుకుంది. "సరే. గిన్నె పాట మొదటే పాడేస్తాను. ఒంటిగంటకల్లా నీ దారిన నువ్వు వెళ్ళు."

"ఆ తర్వాత కచేరీలకి?"

"నేను చూసుకుంటాలే."

చూసుకోవడానికి ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు. అయినా ఆ మాట విని ఆమెకు కళ్ళు చెమర్చాయి. అక్కగారు చెడ్డదేం కాదు. ఆ పాట చేతిలో ఆవిడా బందీయే. కాకపోతే ఆవిడ తెరకు ఇవతల, ఈమె అవతల.

అంతలో సంఘం కార్యదర్శి వచ్చాడు. కళ్ళజోళ్ళ దుకాణం ఆయనది. మొహం నిండా చెమట. "గిన్నె పాట మొదటా? అమ్మా, చంపేస్తారు నన్ను! అది అయ్యాక ఎవరు కూర్చుంటారు? రెండు రోజులు ప్రయాణం చేసి వచ్చినవాళ్ళున్నారు. చివర్లోనే పాడాలమ్మా, కాళ్ళు పట్టుకుంటాను" అన్నాడు. అన్నంత పనీ చేశాడు కూడా. అక్కగారు ఆయన వీపు మీదుగా ఈమెను చూసింది. విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం. ఈ ఇద్దరిలో కప్ప ఎవరో వేరే చెప్పనక్కర్లేదు.

"తొందరగా కానిచ్చేద్దాంలేవే" అంది అక్కగారు, కళ్ళు దించుకుని.

తొందరగా ఏదీ కాలేదు. అభిమానం గడియారం చూసుకోదు కదా. ఆమె తెర పక్కన స్టూలు మీద, సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా గోడ, తల మీద తాళ్ళు, ఎడమ పక్క నల్లటి తెర. మనిషి చేతులు చాచితే రెండు వైపులా తగిలేంత చోటు. హాలు ఎలా ఉంటుందో ఎదురునుంచి ఆమె ఎప్పుడూ చూడలేదు. తెర చిరుగులోంచి మొదటి వరస మాత్రం కనిపిస్తుంది.

పాటల మధ్యలో అభిమానులతో మాట్లాడించారు. ముందు రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన లేచాడు. "పాట ఆ వెక్కు దగ్గరికొచ్చేసరికి నా కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయేదండీ. టైముకి చేరట్లేదని మూడుసార్లు మెమో ఇచ్చారు. ఎందుకని అడిగితే ఏం చెప్పమంటారు?" హాలంతా నవ్వింది. ఒక మంగలి లేచి, ఆ చోటు వచ్చేముందు గడ్డం మీదినుంచి కత్తి తీసేస్తానని, లేకపోతే ఇద్దరికీ ప్రమాదమని చెప్పాడు. ఒంటిగంట అయింది. రెండయింది. కార్యదర్శి ప్రతి ఒక్కరి తర్వాతా "ఆఖరుగా" అంటున్నాడు.

రెండున్నరకు మొదటి వరసలోంచి ఇస్త్రీ పనిచేసే ఆవిడ లేచింది. మైకు పట్టుకోవడం చేతకాక చేత్తో కప్పేసుకుంది.

"మా ఆయన పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. నెల రోజులు రాలేదు. రాతిగుండె అన్నారు నన్ను. ఒకరోజు పక్క కొట్లో ఈ పాట పెట్టారు. అక్కడ... ఆ గిన్నె దగ్గర... నాకు బదులు మీరే ఏడ్చారనుకున్నాను. తర్వాత నాకూ వచ్చింది. ఇస్త్రీపెట్టె కింద చొక్కా కాలిపోయింది, అయినా ఏడుస్తూనే ఉన్నాను." కాస్త ఆగి, "అది మీది కాదమ్మా ఇప్పుడు. నాది. ఏమీ అనుకోకండి" అని కూర్చుంది.

తెర వెనక ఆమె స్టూలు అంచు గట్టిగా పట్టుకుంది. తెర తోసుకుని వెళ్ళి, "అది నేనే తల్లీ" అని ఆవిడను కావలించుకోవాలనిపించింది. ఏ మాటకామాట, గర్వంగా కూడా అనిపించింది. ఆ వెంటనే చూపు కాళ్ళ దగ్గరి సంచి మీద పడింది. ఇంత మాట విన్నాక ఈ స్టూలు దిగి ఎక్కడికి పోతుంది? చీకొట్టే చోటు నుంచి లేచి పోవచ్చు గానీ, ఇంతగా ప్రేమించేవాళ్ళ మధ్యనుంచి ఎలా లేవాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు.

మూడు గంటల అయిదు నిమిషాలకు గిన్నె పాట ఎత్తుకుంది అక్కగారు. ఇక్కడినుంచి స్టేషనుకు ఆమె నడకలో ఇరవై నిమిషాలు. వెక్కు రావడానికి ఇంకా పది నిమిషాలు పడుతుంది. ఆ లెక్క చిన్నపిల్లలు కూడా చెయ్యగలరు. పల్లవి అయింది. ప్రతిసారీ ముందుగా ఒకసారి సరిచూసుకునే అలవాటుకొద్దీ ఆమె మైకు చేతిలోకి తీసుకుంది, లవంగాన్ని కుడి బుగ్గకు నెట్టింది, పొట్ట లోపలికి లాగింది. గాలి సగం మింగడానికి నోరు తెరిచి, మింగలేదు. మామూలుగా, పూర్తిగా ఊపిరి పీల్చుకుంది. మైకును స్టూలు మీద పడుకోబెట్టి, సంచి తీసుకుని, వెనక మెట్ల వైపు నడిచింది.

మెట్లు దిగుతుంటే మోకాలి నొప్పి కాదు, భయం. అక్కగారి పరువు, ఆ ఇస్త్రీ ఆవిడ మొహం, కార్యదర్శి చెమట, అన్నీ వెంటపడ్డాయి. దొంగతనం చేసినట్టు గేటు దాటింది. వీధి నిండా చోటు దొరకని జనం లౌడుస్పీకర్ల కింద తలలెత్తి నిలబడి ఉన్నారు. వాళ్ళను తప్పించుకుంటూ మలుపు దాకా వెళ్ళేసరికి స్తంభం మీదినుంచి ఆ మాట వినిపించింది.

'వెళ్ళినవాళ్ళ గిన్నె కూడా తోమి పెట్టాను...'

ఆమె కాళ్ళు ఆగిపోయాయి. పాట కూడా ఆగింది. నలభై ఒక్క ఏళ్ళుగా ఆగే చోటే. ఒక క్షణం, రెండు, మూడు. లౌడుస్పీకర్లో గరగర తప్ప ఏమీ లేదు. ఆమె సంచిని గుండెకు అదుముకుంది.

అప్పుడు హాల్లోంచి ఒక వెక్కు వినిపించింది. ఆడమనిషిది, బొంగురుగా, మైకుకు దూరంగా. ఆ వెనకే పది, ఆ వెనకే హాలంతా. ఆ వెనకే ఈ వీధి. పక్కన నిలబడ్డ తాళాలు బాగుచేసేవాడు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని వెక్కాడు. స్కూటరు మీద కూర్చున్న లావుపాటి ఆయన వెక్కాడు. ఒక్కటీ సరిగ్గా లేదు. గాలి ఎవరూ సగం మింగలేదు, ఎవరూ ముక్కులోంచి తెంపలేదు. ఎవరికి వచ్చినట్టు వాళ్ళు ఏడ్చారు, సరిపోయింది.

ఆమెకు రాలేదు. ముందు కోపం వచ్చింది. ఇంత తేలికా? ఇన్నేళ్ళూ వీళ్ళ గొంతుల్లోనే ఉండగా, నన్నెందుకర్రా ఆ గోడకీ తెరకీ మధ్యన కూర్చోబెట్టారు అని అరవాలనిపించింది. అంతలో లౌడుస్పీకర్లో అక్కగారి గొంతు 'రేపు ఆకలేసి వస్తే...' అని ఎత్తుకుని, నిజంగా పగిలి, ఆగిపోయి, మళ్ళీ ఎత్తుకుంది. అది నటన కాదని ఈ లోకంలో ఈమె ఒక్కతే చెప్పగలదు.

"ఏడవండక్కా, ఏడవండి" అంది పైకే. పక్కనున్న తాళాలవాడు ఆమె వైపు చూసి, "మీకు ఏడుపు రాలేదా అమ్మా?" అన్నాడు.

"నాకు బండి టైమైంది నాయనా" అంది ఆమె. అని, ఆ మోకాలితో ఎంత వేగంగా నడవగలదో అంత వేగంగా మలుపు తిరిగింది.

హాల్లో చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది. మైకులు చూసుకునే ఆయన, ప్రతి కచేరీ తర్వాతా తెచ్చినట్టే, గ్లాసుతో వేడినీళ్ళు తెచ్చి, "పిన్నీ" అని తెర పక్క నుంచి మెల్లగా పిలిచాడు. స్టూలు మీద మైకు పడుకుని ఉంది. ఆయన మైకు తీసి చంకలో పెట్టుకుని, గ్లాసు ఆ చోట పెట్టాడు. బాత్రూముకు వెళ్ళిందేమో, వచ్చేలోగా చల్లారిపోతాయని, చేతిలో ఉన్న ఆహ్వానపు కార్డు దాని మీద మూతగా కప్పి, తీగలు చుట్టుకోవడానికి వెళ్ళాడు. అట్ట మీది అక్షరాలు ఆవిరికి మెల్లగా ఉబ్బాయి, గ్లాసు అంచు చుట్టూ నీటిబొట్లు పట్టాయి.