నిండుగా తిరిగొచ్చే బాటిల్

నేను అక్కా అని పిలిచే మా తోడికోడలు నిమ్మకాయల షెడ్డుకు వెళ్లేటప్పుడు రోజూ లీటరు బాటిల్ నింపి ఇచ్చేదాన్ని. సాయంత్రం కడుగుదామని మూత తీస్తే నీళ్లు పోసినవి పోసినట్టే ఉండేవి. "అక్కడ చల్లటి నీళ్లున్నాయిలే" అనేది. నమ్మాను.

మూడు నెలల్లో రెండోసారి చలిజ్వరం వచ్చి, ఒంటేలుకు వెళ్తే మంట భరించలేక గోడ పట్టుకుంది. నీళ్లు తాగకపోతే కిడ్నీలు పాడవుతాయని డాక్టరమ్మ కోప్పడింది. అయినా బాటిల్ నిండుగానే తిరిగొచ్చేది.

పెళ్లయ్యాక నా డిగ్రీ పూర్తయిందంటే ఆవిడ చలవే. నేను పరీక్షలకు చదువుకుంటుంటే, పగలంతా షెడ్డులో నిలబడి వచ్చి నా వంతు వంట కూడా తనే చేసేది. ఆ డిగ్రీయే ఒకరోజు నన్ను ఆ షెడ్డుకు తీసుకెళ్లింది. కాయలు కొనే పెద్ద కంపెనీ నుంచి ఒకావిడ తనిఖీకి వస్తోంది, ఆవిడకు మన భాష రాదు, ఇంగ్లీషు ప్రశ్నలు మనవాళ్లకు చెప్పిపెట్టే మనిషి కావాలి. "మా చెల్లెలుంది" అని అక్క చెప్పిందట.

"అడిగింది అడుగు, చెప్పింది చెప్పు. సొంత కవిత్వం కలపకు" అంది దారిలో. "నా పని నీ నోట్లో ఉంది."

షెడ్డులో పొడవాటి బల్లల వెంట ముప్పైమంది ఆడవాళ్లు కాయలు ఏరుతున్నారు. తొడిమ ఊడినవి ఒక బుట్టలోకి, మచ్చ పడ్డవి మరో బుట్టలోకి. రసం ఊరి వేళ్ల చివర్లు తెల్లగా పగిలాయి. తనిఖీ ఆవిడ మేస్త్రీని బయటికి పంపి, చేతిలో కాగితం చూస్తూ ప్రశ్నలు మొదలుపెట్టింది.

"తాగునీళ్లు ఉన్నాయా?"

"ఉన్నాయి."

"మరుగుదొడ్డి ఉందా?"

"ఉంది."

"ఇబ్బందులేమైనా?"

"ఏమీ లేవు" అన్నారు అందరూ, పాఠం అప్పజెప్పినట్టు.

అప్పుడు గోడవారగా ఉన్న అరమీద నా చూపు పడింది. ముప్పై బాటిళ్లు, అన్నీ నిండుగా. టైము పన్నెండు దాటింది. కాగితంలో లేని ప్రశ్న నా నోట్లోంచి వచ్చేసింది.

"ఈ పూట ఎవరైనా నీళ్లు తాగారా?"

అక్క నావైపు ఉరిమి చూసింది. అందరూ పెద్దమ్మ అని పిలిచే ముసలావిడ పకపకా నవ్వింది.

"తాగితే చెక్క పట్టాలిగా, తల్లీ!"

చెక్కంటే మరుగుదొడ్డి తాళంచెవి. పోకుండా ఉండాలని జానెడు చెక్కముక్కకు కట్టారు. అది మేస్త్రీ దగ్గర ఉంటుంది. అడిగినప్పుడల్లా లారీ వాళ్ల ముందే "మళ్లీనా?" అంటాడు. చెక్క ఊపుకుంటూ అందరి ముందునుంచీ నడవాలి. అందుకని పొద్దుటి నుంచీ గొంతు తడుపుకోరు.

తనిఖీ ఆవిడకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ కలం మూసి, అక్క బాటిల్ అడిగి తీసుకుని సగం గటగటా తాగింది. కాసేపయ్యాక బయటికెళ్లి మేస్త్రీని చెక్క ఇమ్మంది.

"ఆఫీసులో మంచిది ఉందని చెప్పండమ్మా" అన్నాడతను కంగారుగా.

ఆవిడకు ఇదే కావాలట. మరుగుదొడ్ల తలుపులు తీస్తే ఒక గది నిండా ఖాళీ బుట్టలు, రెండో గదికి లోపల గడియ లేదు.

మేస్త్రీ మొహం చిన్నబోయింది. "నేనేం చెయ్యనమ్మా? లోడు లేటయితే వీళ్ల కంపెనీ నుంచే ఫోన్ల మీద ఫోన్లు!"

అదీ చెప్పాను. ఆవిడ తల దించుకుని అదీ రాసుకుంది.

"కొనడం మానేస్తారేమో అడుగు" అంది అక్క.

ఆవిడ జవాబు నాకింకా గుర్తుంది. "మానేసి వెళ్లిపోవడం మాకు తేలిక. కొంటూనే బాగుచేయించాలి. మా తొందర వల్లే మీరు నీళ్లు మానుకున్నారు. ఎవరి పేరూ రాయను."

తాళం ఊడదీయించి, బుట్టలు తీయించి, రెండు గదులకూ గడియలు బిగించేదాకా అక్కడే కూర్చుంది, సాయంత్రమైనా కదల్లేదు. లోడు ఆలస్యమైనా ఫోను రాకుండా చూసుకుంటానంది. ఇప్పటిదాకా రాలేదు. చెక్కముక్కను పెద్దమ్మ ఊగే బల్లకాలు కిందకి తోసింది. "ఇన్నాళ్లకు పనికొచ్చింది" అంటూ.

మర్నాడు సాయంత్రం బాటిల్ చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా ఉంది. తలకిందులు చేసినా చుక్క పడలేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఖాళీ బాటిల్ చూసి ఏడ్చేదాన్ని నిన్నే చూశాను" అంది అక్క. "కలపొద్దన్నా కలిపావుగా కవిత్వం."

"ఒక్క ముక్కేగా, అక్కా."

ఆర్నెల్లకు తనిఖీ ఆవిడ మళ్లీ వచ్చింది. ఈసారి తన కాగితం నా చేతికిచ్చింది. మొదటి ప్రశ్నే అచ్చులో ఉంది: ఈ పూట నీళ్లు తాగారా?

చదవబోతుంటే అక్క తన బాటిల్ పైకెత్తి చూపించింది. అడుగున రెండు గుక్కలున్నాయి.