బస్సు పడని మనిషి

"తల్లికి పడనిది పిల్లకు మాత్రం ఎలా పడుతుంది?" అని అత్త అప్పటికే ఒకసారి అనేసింది. ఎవరూ ఔననలేదని మళ్ళీ అంది. గోడవార మడతమంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, ఈసారి కొంచెం గొంతు పెంచే అంది.

కోడలు బల్ల మీద దుప్పటి పరిచి కొడుకు చిన్నాడి స్కూలు చొక్కా ఇస్త్రీ చేస్తోంది. పగలంతా పక్కవీధి ఆసుపత్రి లాండ్రీలో చేసేదీ ఈ పనే. అక్కడ చేస్తే జీతం ఇస్తారు, ఇక్కడ చేస్తే కాలరు ఇంకా ముడతగానే ఉందంటారు. తేడా అంతే.

గొడవ పిట్ట గురించి. పిట్ట ఆమె పెద్దపిల్ల. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని నాయనమ్మ పెట్టిన ముద్దుపేరు, బళ్ళో చేరి ఇన్నేళ్ళయినా పోలేదు. వచ్చే వారం పిట్ట తరగతి పిల్లలందరినీ బస్సులో సముద్రం చూపించడానికి తీసుకెళ్తున్నారు. తను రానని పిట్ట టీచరుకి చెప్పేసింది, ఇంట్లో ఒక్క ముక్క అడగకుండానే. ఆ టీచరు ఇవాళ దారిలో ఎదురై చెప్పబట్టి తండ్రికి తెలిసింది గానీ, లేకపోతే సముద్రం అలా వచ్చి అలా వెళ్ళిపోయేదే.

"నాకు బస్సు పడదు నాన్నా. కడుపులో తిప్పుతుంది. అమ్మకి లాగా," అంది పిట్ట, పుస్తకంలోంచి తలెత్తకుండా.

ఆయన తలుపులకూ బీరువాలకూ పాలిష్ పెట్టే పనివాడు. గోళ్ళ సందుల్లో రంగు దిగిపోయిన చేతుల్ని కిరసనాయిలు గుడ్డతో తుడుచుకుంటూ, కిటికీ పక్కన కూర్చుంటే ఏమీ కాదన్నాడు, మాత్ర వేసుకుంటే అసలే కాదన్నాడు, తన చిన్నప్పుడు ఎవరూ ఇలా తీసుకెళ్ళలేదన్నాడు. అత్తేమో పిల్లను దారిలో అవస్థ పెట్టొద్దంది. తమ వంశంలో ఈ రోగం ఎవరికీ లేదనీ, అటువైపు నుంచి దిగుమతి అయిందేననీ చెప్పింది. అటువైపు అన్నప్పుడు ఇస్త్రీ చేస్తున్న కోడలి వైపు చూసింది. అక్క వెళ్ళకపోతే ఆ సీటు తనకిమ్మని చిన్నాడు అడిగాడు.

ఆమె మాత్రం చేసేసిన చొక్కానే తిరగేసి మళ్ళీ మొదలుపెట్టింది. పిల్లకు తల్లి నుంచి జుట్టు రావచ్చు, ముక్కు రావచ్చు, మొండితనం రావచ్చు. ఇది మాత్రం వచ్చే వీలు లేదు. ఎందుకంటే ఆమెకు బస్సు శుభ్రంగా పడుతుంది.

పడదన్న మాట మొదట ఎప్పుడన్నదో ఆమెకు బాగా గుర్తు. పిట్ట అప్పటికింకా చంకలో బిడ్డ. ఊరవతల ఆడపడుచు కొత్తిల్లు కట్టుకుంది, అందరినీ రమ్మంది. ఆయనకు ఆ నెల పని సరిగా దొరకలేదు. పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడి జేబులో ఉన్నది చూసుకుంటున్నాడు, మళ్ళీ చూసుకుంటున్నాడు, చూసినకొద్దీ పెరుగుతుందేమోనన్నట్టు. తల్లిని రావద్దనలేడు. ఆమె చూసింది. "మీరు వెళ్ళి రండి, నాకు బస్సు పడదు, తల తిరుగుతుంది," అనేసింది. అంత సులువుగా ఎలా వచ్చిందో నోటికి. ఆయన మొహంలో బిగిసినదేదో చప్పున వదులైపోవడం కూడా చూసింది. ఆ వదులు కోసమే తర్వాత్తర్వాత ఆ మాట మళ్ళీ మళ్ళీ అంది. ఎగ్జిబిషన్ అన్నప్పుడు అంది, ఆడపడుచు కొడుకు పెళ్ళి అన్నప్పుడు అంది, చిన్నాడు పుట్టాక మరీ తరచుగా అంది. అనగా అనగా ఆమె అనాల్సిన అవసరమే పోయింది. "దానికి బస్సు పడదు కదా" అని మిగతావాళ్ళే అనుకుని చెప్పులేసుకునేవాళ్ళు.

దీన్ని త్యాగమని ఎవరైనా అంటే ఆమెకు నవ్వొస్తుంది. అందరూ వెళ్ళాక తలుపు దగ్గరికేసి, ఉన్న ఒక్క గది మధ్యలో చాప పరుచుకుని, చేతులు రెండూ బారచాపి పడుకోవడంలో ఉన్న సుఖం వాళ్ళెవరికీ తెలియదు. అమ్మా అనేవాళ్ళు లేరు, అమ్మాయ్ అనేవాళ్ళు లేరు, ఇదిగో అనేవాళ్ళు లేరు. తలంటుకుని తడిజుట్టుతో మెట్ల మీద కూర్చుని, ఎండిందాకా వీధిలో పోయేవాళ్ళను చూసేది. సాయంత్రం వాళ్ళు అలిసిపోయి, చిరాకు పడుతూ తిరిగొస్తే, ఆమె ఒక్కతే తేటగా ఉండేది. 'పాపం ఒక్కతీ ఉండిపోయింది' అని ఆయన ఏదో ఒక చిన్న పొట్లం తెచ్చి చేతిలో పెట్టేవాడు. అబద్ధం ఆడిన మనిషికి బహుమానం కూడానా అని ఆమెకు లోపల్లోపల సిగ్గేసేది. అయినా తినేది.

అసలు తన బతుకు మీద ఆమెకు పెద్దగా ఫిర్యాదుల్లేవు. ఉన్న గది చిన్నదే, గాలి బాగా వస్తుంది. పిల్లలు దెబ్బలాడుకుంటారు, చదువుకుంటారు. ఆయన గట్టిగా అరిచే మనిషి కాదు. వచ్చినప్పుడల్లా ఆడపడుచు మాత్రం, గది నాలుగు మూలలూ కలియజూసి, "పిల్లల్ని కన్నాక బాధ్యత ఉండాలి మరదలా. ఒద్దికగా నడుపుకుంటే లేమి ఎందుకుంటుంది చెప్పు," అని వెళ్తుంది. ఆ ఒద్దిక చేతకాకే ఇలా ఉన్నామన్నట్టు. ఆ మాటకు ఆమె మనసులో సమాధానం సిద్ధంగా ఉండేది. సబ్బు అరిగి బిళ్ళయ్యాక కొత్తదానికి అతికించేది తను. చిన్నాడి నిక్కరుకు కింద మడత విప్పి ఏడాది లాగేది తను. ఎక్కడా కోత పెట్టలేని రోజున తనలోంచే ఒక ముక్క కోసేసేది, అదీ నవ్వుతూ, ఎవరికీ కనపడకుండా. ఇంతకన్నా ఒద్దిక ఏముంటుంది? పిల్లలకు ఏ లోటూ తెలియకుండా పెంచుతున్నానని ఆమెకు కాస్త గర్వం కూడా ఉండేది.

ఈమధ్య ఆ ముక్క కొంచెం పెద్దదే కోయాల్సి వచ్చింది. ఊరికి ఆ చివర ఆసుపత్రివాళ్ళు కొత్త లాండ్రీ తెరుస్తున్నారు. పెద్ద మిషన్లు, దుప్పట్లు మడతపెట్టే గదికి పెద్దదిక్కుగా ఒక మనిషి కావాలి. సూపర్‌వైజరమ్మ ఆమెను పిలిచి, జీతం ఎక్కువ, నిలబడే పని తక్కువ, నువ్వే సరైనదానివి అంది. ఆమె తేరుకునేలోగా పాత మాట అలవాటు కొద్దీ బయటికొచ్చేసింది. "నాకు బస్సు పడదు మేడం." సూపర్‌వైజరమ్మ ఎగాదిగా చూసి, తడిసిన దుప్పట్ల మూట ఒంటిచేత్తో ఎత్తే మనిషికి బస్సు పడకపోవడమేమిటని నవ్వి, శనివారం దాకా ఆలోచించుకోమంది.

ఇంట్లో చెబితే అందరూ ఆ మాటే అన్నారు. పడనప్పుడు ఎలా వెళ్తావు అన్నాడాయన, నిజంగానే జాలిపడుతూ. తెల్లవారుజామున కుళాయి దగ్గర వరసలో నిలబడేదెవరు, తనకు వేన్నీళ్ళు కాచేదెవరు అంది అత్త. బస్సు పడుతుందని చెబితే ఇన్నేళ్ళ బొంకూ బయటపడుతుంది. చెప్పకపోతే ఉద్యోగం పోతుంది. అబద్ధం మనం కట్టిన ఇల్లే, అందులో అద్దెకున్నదీ మనమే, ఖాళీ చేయమనేవాళ్ళే ఉండరు. సరేలే, ఇప్పుడున్నది బాగానే ఉందిగా అని ఆమె సర్దేసుకుంది. సర్దుకోవడంలో ఆమెకు ఎవరూ సాటిరారు.

ఇస్త్రీ ముగించి, డాబా మీద ఆరేసిన బట్టలు తేవడానికి పిట్టను వెంట రమ్మంది. పొద్దు వాలుతోంది. పెద్ద దుప్పటి ఆ చివర పిట్ట, ఈ చివర ఆమె పట్టుకున్నారు. విదిలించి, బిగించి, ఒకరి వైపొకరు నడిచి అంచులు కలపడం పిట్టకు ఆమే నేర్పింది.

"నిజంగా తిప్పుతుందా కడుపులో?"

"ఊఁ."

"ఆటల పోటీలకి బస్సులోనేగా వెళ్ళారు. వెనక సీట్లో ఎగురుతూ వచ్చామన్నావు."

పిట్ట దుప్పటి అంచులు జాగ్రత్తగా కలిపి తల్లి చేతికిచ్చింది. ఇచ్చి, అక్కడే నిలబడి, చిన్నగా అంది.

"నీకూ తిప్పదుగా."

ఆమె చేతులు ఆగిపోయాయి.

"తమ్ముడికి జ్వరమొచ్చినప్పుడు పెద్దాసుపత్రికి బస్సులో వెళ్ళాంగా మనం ముగ్గురం. వాణ్ణి భుజాన వేసుకుని దారంతా నిలబడే ఉన్నావు. నీకేం అవుతుందోనని నేను చూస్తూనే ఉన్నా. ఏమీ అవలేదు."

"మరి ఎవరికీ చెప్పలేదే?"

"ఎందుకు చెప్తా? సముద్రానికి వెళ్ళాలంటే డబ్బు కట్టాలి. చిన్నాడి బూట్లు చిరిగిపోయాయి. డబ్బుల్లేవంటే నాన్న మొహం అదోలా అయిపోతుంది. బస్సు పడదంటే ఎవరికీ ఏమీ అవదు." పిట్ట తల్లి మొహంలోకి చూసి నవ్వింది. ఆ నవ్వులో బాధ లేదు, మెచ్చుకోలు ఉంది. "నువ్వు భలే కనిపెట్టావమ్మా."

పిట్ట మిగతా బట్టలు భుజానేసుకుని మెట్లు దిగిపోయింది. ఆమె దుప్పటి పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. ఎవరైనా తిట్టి ఉంటే తట్టుకునేది, తిట్లు అలవాటే. మెచ్చుకోలును ఎటు పెట్టుకోవాలో తెలియలేదు. పిల్లకు లోటు తెలియకుండా పెంచానని కదా అనుకుంది! లోటు తెలియడమే కాదు, దాన్ని ఎక్కడ దాచాలో కూడా తెలిసిపోయింది పిల్లకు. ఇంట్లో ఖర్చు తగ్గించాలంటే ముందు ఆడపిల్ల తనను తాను తగ్గించుకోవాలని ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంది. చిన్నాడికి తట్టలేదు ఆ ఉపాయం. వాడు సీటు అడిగాడు. వాడు అడగడంలో తప్పులేదు, పిల్లలన్నాక అడుగుతారు. అడగని పిల్లే భయపెట్టింది ఆమెను. ఇవాళ సముద్రం వద్దంది. రేపు చదువు వద్దంటుంది, తలనొప్పి అంటుంది. ఎల్లుండి ఎవరింట్లోనో అందరూ చెప్పులేసుకుంటుంటే తలుపు దగ్గర నిలబడి నవ్వుతుంది. అందరూ నమ్ముతారు. తనను నమ్మలేదూ?

తన బారచాపిన చేతుల సుఖం గుర్తొచ్చింది. ఆ సుఖం నిజమే. కానీ దానికోసం రోగిష్టి వేషం వేయాల్సి వచ్చిందేం? కాసేపు ఒంటరిగా ఉండాలనుంది, మీరు వెళ్ళి రండి అని ఒక్కసారైనా అని ఉండొచ్చు కదా. లేదా ఈసారి నేను వెళ్తాను, మీరుండండి అని. ఆ రెండో మాట మనసులో అనుకుంటేనే ఆమెకు నవ్వాగలేదు. అత్త మొహం ఊహించుకుంది మరి.

మర్నాడు శనివారం. లాండ్రీలో ఆవిరి మధ్య సూపర్‌వైజరమ్మ దగ్గరికి వెళ్ళి, కొత్తచోటికి వస్తానని చెప్పింది. మరి బస్సో అని ఆవిడ అడిగింది. ఆరోగ్యం కుదురుకుందని ఈమె చెప్పింది. అదే ఆఖరి బొంకు అని మనసులో అనుకుంది కూడా.

ఆ రాత్రి అందరూ భోజనాలకు కూర్చున్నారు. ఆమె ఎప్పుడూ అందరికీ వడ్డించి చివర్న తింటుంది. ఇవాళ గిన్నెలన్నీ మధ్యలో పెట్టి, తన కంచం కూడా తెచ్చుకుని పిట్ట పక్కన కూర్చుంది. అత్త చూసింది, గరిట తనే అందుకుంది.

"ఒకటో తారీఖు నుంచి కొత్త లాండ్రీకి వెళ్తున్నా," అందామె భర్తతో, కూర కలుపుకుంటూ. గొంతు పెంచలేదు. "పొద్దున్నే బస్సెక్కాలి. నీళ్ళు మీరు పట్టాలి. అత్తయ్యా, వేన్నీళ్ళు ఆయన కాచిస్తారు."

"నీకు బస్సు పడదు కదే," అన్నాడాయన, చెయ్యి కంచంలో ఆపి.

"పడుతుంది."

"ఎప్పట్నుంచి?"

"ఎప్పుడూ పడేది. మన దగ్గర టిక్కెట్టుకు ఉండేది కాదు."

ఆయన మొహం అదోలా అయింది. పిట్ట గాభరాగా తల్లి మోకాలు పట్టుకుంది. ఆమె ఆ చేతిమీద చెయ్యి వేసింది గానీ మాట వెనక్కి తీసుకోలేదు. ఆయన కంచంలోకి చూస్తూ ఉన్నాడు. పైకప్పు కూలలేదు. కొంతసేపటికి, "ఆ ఎగ్జిబిషన్‌కి కూడానా?" అని మెల్లిగా అడిగాడు. ఆమె ఔనన్నట్టు తలూపింది. "చెప్పాల్సింది," అన్నాడు. కోపంగా కాదు. ఇన్నేళ్ళు తెచ్చిచ్చిన పొట్లాలు ఒక్కొక్కటీ గుర్తొస్తున్నట్టు.

"మరి అప్పట్లో నేను, వాసన చూస్తే తగ్గి బస్సెక్కుతావేమోనని నిమ్మకాయలు కొనిపెట్టాను నీకోసం," అంది అత్త నిష్ఠూరంగా. చిన్నాడు ఫక్కున నవ్వాడు. ఎందుకో ఆయనకూ నవ్వొచ్చింది, ఆపుకున్నాడు.

"పిట్ట సముద్రానికి వెళ్తుంది," అందామె. "చిన్నాడి బూట్లు వచ్చే నెల కొంటాం. అప్పటిదాకా నాన్న వాటికి కుట్టు వేయించుకొస్తారు. వాడికి కోపమొస్తే రానీ."

చిన్నాడికి వచ్చింది. మూతి ముడిచాడు. ఆమె వాణ్ణి బుజ్జగించలేదు, కొత్తవి ఇప్పుడే ఎందుకు కుదరవో పెద్దవాడికి చెప్పినట్టు చెప్పింది. వాడు విన్నాడు, మూతి మాత్రం అలాగే ఉంచాడు.

అప్పుడు ఆమె పిట్ట వైపు తిరిగింది. అయినా అందరికీ వినబడేలాగే అంది.

"ఇకనుంచి ఈ ఇంట్లో డబ్బుల్లేని రోజున డబ్బుల్లేవనే చెప్పుకుందాం. ఎవరూ ఒంటిమీదికి లేని రోగం తెచ్చుకోవద్దు."