గోధుమ లేని ఇల్లు

నాచారం పారిశ్రామికవాడ వెనక గల్లీలో, విక్టోరియా ఇంట్లోకి గోధుమ అడుగుపెట్టక రెండేళ్ళు దాటింది. పిండే కాదు, రవ్వ లేదు, సేమ్యా లేదు, మైదా లేదు, బ్రెడ్డు లేదు. మొగుడు శాంతయ్య ఫ్యాక్టరీ క్యాంటీన్లో పూరీ తిని వచ్చాడంటే గుమ్మం బయటే చేతులు సబ్బుతో కడిగి, నోరు పుక్కిలించి లోపలికి రావాలి. మడి అంటే పంతుళ్ళ ఇళ్ళల్లో చూశాం గానీ కిరస్తానీల ఇంట్లో ఇదేం చోద్యమని చుట్టుపక్కల వాళ్ళు నవ్వుకునేవాళ్ళు. నవ్వేవాళ్ళదేం పోయింది? కడుపునొప్పితో గోడకు మోకాళ్ళు ఆనించి పడుకునేది వాళ్ళ పిల్లలు కాదు కదా.

ఆ పిల్ల పేరు జసింత. తొమ్మిదేళ్ళది, చూస్తే ఆరేళ్ళ దానిలా ఉండేది. దాని కడుపుకు గోధుమ పడదని, ఒక్క చిటికెడు పోయినా లోపలి పేగు పుండవుతుందని తార్నాకలో పిల్లల డాక్టరు గోపాలరావు తేల్చి చెప్పాడు. పాలు కూడా అరగడం లేదని ఆపించాడు. గుడ్డు వాసన తగిలితేనే పిల్ల వాంతి చేసుకునేది. ఇక ఆ పిల్లకు మిగిలింది అన్నం, పప్పు, కూర. పక్కింటి పిల్లలు బిస్కెట్టు కొరుకుతుంటే చేతులు వెనక్కి కట్టుకుని చూసే పిల్లను చూసి ఏ తల్లి కడుపు తరుక్కుపోదు?

అందుకే విక్టోరియా ఓట్స్ బిస్కెట్లు నేర్చుకుంది. నేర్పినవాళ్ళు ఎవరూ లేరు. సికింద్రాబాదులో ఒక పెద్ద కొట్లో ఓట్స్ డబ్బా దొరికితే తెచ్చి, పెనం మీద దోరగా వేయించి, రోట్లో కచ్చాపచ్చాగా దంచింది. బెల్లం, కొబ్బరి తురుము, పల్లినూనె, రెండు యాలకులు వేసింది. మైదా, గుడ్డు, నెయ్యి ఏవీ లేని పిండి చేతికి అంటదు, ముద్ద కట్టదు. మొదటిసారి బిస్కెట్టు అనుకున్నది పళ్ళెంలో పొడిగా రాలిపోయింది. నాలుగోసారి బాగా మగ్గిన అరటిపండు పిసికి కలిపితే నిలబడింది. అడుగు మందం గిన్నెలో ఇసుక పోసి, ఇసుక మీద కంచు గిన్నె బోర్లించి, దాని మీద పళ్ళెం పెట్టి, మూత వేసి, కిరసనాయిలు స్టవ్వు మీద ముప్పావుగంట. వాయికి ఎనిమిది బిస్కెట్లు. క్రిస్మసుకు అందరూ కేకు పిండి కలుపుకుని ఉప్పల్లో బేకరీ భట్టీకి తీసుకుపోతుంటే ఈమె మాత్రం పోలేదు. అక్కడ గాలిలో కూడా మైదానే.

మొదటి ఎనిమిది నెలలూ పిల్ల పచ్చగా తేరుకుంది. బుగ్గలు వచ్చాయి. బడికి పరుగెత్తింది. ఆ మే నెలలో తెల్ల గౌను, తల మీద పూల కిరీటంతో ఫాదర్ చేతి నుంచి మొదటి సత్ప్రసాదం నాలుక మీద తీసుకుంది. గుడి మెట్ల మీద నిలబెట్టి తీయించిన ఫోటో ఇప్పటికీ ఆ ఇంటి గోడ మీద ఉంది. ఆ ఫోటోలో ఉన్న బుగ్గలు మళ్ళీ రాలేదు.

వర్షాకాలానికి కడుపునొప్పి తిరగబెట్టింది. ఏడాది గడిచేసరికి తూకం రెండు కిలోలు పడిపోయింది. గోపాలరావు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎక్కడో గోధుమ వెళ్తోందమ్మా. మొదట అంత బాగా కోలుకున్న పిల్ల ఉన్నట్టుండి ఎందుకు దిగజారుతుంది? గుర్తు తెచ్చుకోండి, ఆ తర్వాత ఇంట్లో ఏం మారింది?"

"ఏం మారలే సార్. దేవుని తోడు, ఏం మారలే," అంది విక్టోరియా.

డాక్టరు ముందు ఓట్స్‌ని అనుమానించాడు. వాటి సంగతి తమకే పూర్తిగా తెలియదని, రెండు నెలలు ఆపి చూద్దామని అన్నాడు. పిల్లకున్న ఒక్క సరదా కూడా పోయింది. రెండు నెలలు బిస్కెట్ల డబ్బా ఖాళీగా ఉంది, నొప్పి మాత్రం ఉన్నచోటే ఉంది. సరే, ఓట్స్‌ది తప్పు కాదు, పెట్టుకోండి అన్నాడు ఆయన.

మరి తప్పు ఎవరిది? మనిషికి అనుమానం పుట్టాక అది ఇంట్లోనే కూర్చుంటుంది, బయటికి పోదు. విక్టోరియా అత్త లూర్దమ్మకు సాయంత్రం చాయ్‌లో బిస్కెట్టు ముంచుకుని తినే అలవాటు. కోడలి చట్టానికి లోబడి ఆ ముసలామె గల్లీ చివర హోటల్ అరుగు మీద కూర్చుని తిని వచ్చేది. ఒకరోజు ఆమె చీరె కొంగున బిస్కెట్టు ముక్క కనిపించింది.

"నా బిడ్డకు నువ్వే పెడ్తున్నవ్. నిజం జెప్పు."

"మరియమ్మ తల్లి మీద ఒట్టు, పెట్టలే బిడ్డా. కొంగుల ఉండిపోయింది."

"ముసల్దానివి, మనుమరాలు అడిగితే మనసు ఆగక పెట్టి ఉంటవ్. నీ ప్రేమనే దాన్ని సంపుతున్నది."

లూర్దమ్మ పొద్దున్నే చీరెలు మూటగట్టుకుని అన్నోజిగూడలో చిన్నకొడుకు దగ్గరికి బస్సెక్కింది. శాంతయ్య మూడు రోజులు పెళ్ళాంతో మాట్లాడలేదు. విక్టోరియా మాత్రం మనసులో హమ్మయ్య అనుకుంది, ఇక పిల్ల బాగుపడుతుందని.

బాగుపడలేదు. అప్పుడామె మనుషుల మీద ఆశ వదులుకుని మరియమ్మ తల్లికి మొక్కుకుంది. పిల్ల తూకం ఇరవై కిలోలకు వచ్చేదాకా రోజూ పొద్దున ఆరింటి పూజకు తీసుకొస్తానని, రోజూ సత్ప్రసాదం తీసుకునేలా చూస్తానని. చలికి వణికే పిల్లకు స్వెట్టరు తొడిగి, చేయి పట్టుకుని నడిపించుకుని పోయేది. జసింతకు అదంటే ప్రాణం. బళ్ళో పుట్టినరోజు చాక్లెట్టు దానికి లేదు, పెళ్ళి భోజనాల్లో దాని గిన్నె వేరు. గుళ్ళో లైనులో మాత్రం అందరితో సమానంగా నిలబడి, కళ్ళు మూసుకుని, నాలుక చాపి, ఆమెన్ అనేది. తిరిగి వచ్చి మోకాళ్ళ మీద ఉన్నప్పుడు దాని మొహంలో కనిపించే వెలుగు చూసి విక్టోరియా కన్నీళ్ళు తుడుచుకునేది. మూడు నెలలు అలా తిప్పింది. తూకం పదిహేనుకు దిగింది. ఇంకో కిలో తగ్గితే దవాఖానాలో చేర్చాల్సిందేనని, పరిస్థితి చేయి దాటుతోందని డాక్టరు చెప్పాడు.

జసింత పుట్టినరోజు ఆదివారం పడింది. విక్టోరియాకు ఒక ఆలోచన వచ్చింది. గుళ్ళో జ్ఞానోపదేశం తరగతి పిల్లలు అరవై మంది, వాళ్ళందరికీ ఆ రోజు ఓట్స్ బిస్కెట్లే పంచాలి. ఒక్క రోజైనా ఊరంతా తన బిడ్డ తినేదే తినాలి. ఇసుక గిన్నెలో అరవై ఎప్పటికి అవుతాయి? శనివారం మధ్యాహ్నం పిండి తపేలా నెత్తిన పెట్టుకుని కాన్వెంటుకు పోయి, ఓవెన్ ఇవ్వమని సిస్టర్ ఫిలోమినను అడిగింది. సిస్టరు గుంటూరు వైపు మనిషి, నవ్వు మొహం.

"దానికేం, వాడుకోండి. నేనూ ఇక్కడే పనిలో ఉన్నాను. రేపటి పూజకు సత్ప్రసాదం అప్పాలు కోసుకోవాలి."

ఓవెన్ వేడెక్కేలోగా విక్టోరియా పిండిని చిన్న చిన్న బిళ్ళలుగా ఒత్తుతూ పక్క బల్ల వైపు చూసింది. సిస్టర్ ఒక ఇనుప అచ్చులో పల్చని జావ పోసి మూస్తోంది. తెరిస్తే కాగితం లాంటి తెల్లని రేకు వస్తోంది. దాన్ని గుండ్రంగా, రూపాయి బిళ్ళంత కోసి డబ్బాలో వేస్తోంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నాలుక మీద పెట్టుకున్నదే గానీ, అది ఒకరి చేతుల్లో తయారవుతుందన్న ఊహే విక్టోరియాకు ఏనాడూ రాలేదు.

"ఇది దేంతోని జేస్తరు సిస్టర్?"

"గోధుమపిండి, నీళ్ళు. అంతే. ఉప్పు కూడా వేయకూడదు."

విక్టోరియా చేతిలోని బిళ్ళ చేతిలోనే ఉండిపోయింది. సమర్పణ పాటల్లో గోధుమ పేరు ఎన్ని వందల సార్లు పాడిందో. పాడినప్పుడల్లా అది పాటలో గోధుమ. ఫాదర్ చేతిలోకి వచ్చాక అది క్రీస్తు శరీరం. క్రీస్తు శరీరంలో మైదా ఉందా, రవ్వ ఉందా అని ఎవరు వెతుకుతారు? చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, డబ్బాలు వెతికింది, గిన్నెలు వెతికింది, అత్త కొంగు వెతికింది. డాక్టరు ఏం మారిందని అడిగితే ఏం మారలేదని దేవుడి మీదే ఒట్టు వేసింది. గోడ మీద పూల కిరీటం ఫోటో చెబుతూనే ఉంది. ఆ మొదటి సత్ప్రసాదం నుంచి వారానికి ఒకటిగా పోతున్న విషాన్ని రోజుకొకటి చేసింది తనే. కంచే చేను మేసింది.

"ఏమైందమ్మా, కూర్చోండి," అంది సిస్టర్ కంగారుగా.

విక్టోరియా కూర్చోలేదు. బిస్కెట్లు ఓవెన్లో పెట్టి, అవి కాలేలోపు ఫాదర్ దగ్గరికి పరుగెత్తి గోధుమ లేకుండా చేయించమని కాళ్ళ మీద పడింది. బియ్యప్పిండితో చేయించండి, ఓట్స్‌తో చేయించండి, పిండి నేనే తెస్తా అంది. ఆయన మంచివాడు, లేవనెత్తి మంచినీళ్ళు ఇచ్చాడు.

"అది నా చేతిల లేదమ్మా. గోధుమ తప్ప వేరేది పనికిరాదు. బిషప్ గారికి రాసి అడుగుత. అప్పటిదాక పాపను సత్ప్రసాదం మనసులనే తలుచుకొని స్వీకరించుమను."

తొమ్మిదేళ్ళ పిల్లకు ఈ మాట ఎలా చెప్పాలో ఆయన చెప్పలేదు. రాత్రి చెబుదామనుకుంది విక్టోరియా, నోరు రాలేదు. పొద్దున తల దువ్వుతూ చెబుదామనుకుంది. పిల్ల కొత్త గౌను వేసుకుని అద్దంలో చూసుకుంటోంది. అప్పుడూ చెప్పలేదు.

గుళ్ళో సత్ప్రసాదం లైను కదిలింది. జసింత చేతులు జోడించి లేచింది. విక్టోరియా దాని గౌను పట్టుకుని కూర్చోబెట్టింది. వరసలో వాళ్ళంతా వాళ్ళిద్దర్నీ దాటుకుని పోయారు. పోతూ పోతూ వెనక్కి తిరిగి చూశారు. పాపంలో ఉన్నవాళ్ళే అలా కూర్చుండిపోతారని గుళ్ళో చిన్న పిల్లలకు కూడా తెలుసు.

"అమ్మా," అంది జసింత గుసగుసగా, "నిన్ననే గద ఫాదర్‌కు పాపాలు జెప్పి పాపసంకీర్తనం జేసిన. నేనేం పాపం జేసిన?"

పూజ అయ్యాక పిల్లలంతా గుడి వెనక చేరారు. సిస్టర్ ఫిలోమిన బిస్కెట్లు పంచింది. "మస్తున్నయ్ ఆంటీ, ఇంకొకటియ్యరా," అని చేతులు చాపారు. రెండేళ్ళుగా విక్టోరియా కలలు కన్నది ఇదే. ఇప్పుడది చూసే ఓపిక ఆమెకు లేదు. కూతుర్ని నల్లా దగ్గర గట్టు మీద కూర్చోబెట్టుకుని, దాని మొహం చూడకుండా చెప్పింది. అప్పంలో గోధుమ ఉందని, ఇక తీసుకోవద్దని, అందుకే కడుపునొప్పి వస్తోందని, అమ్మకు తెలియలేదని.

జసింత చేతిలో, రాత్రి తల్లి ఇంట్లో ఇసుక గిన్నెలో విడిగా కాల్చిన తన వంతు బిస్కెట్టు అలాగే ఉంది. లెక్కల పలక మీద తప్పు వెతికే పిల్లలా నుదురు ముడిచి ఆలోచించింది.

"నానమ్మ పెట్టలేదన్నట్టు," అంది.

"పెట్టలే బిడ్డా."

"ఆదివారం ఒక్కటే పోతుంటే జర జర నొస్తుండె. రోజు పోవుడు వెట్టినంక మస్తు నొచ్చింది." తల్లి వైపు తిరిగింది. దాని గొంతులో కోపం లేదు, నిష్ఠూరం లేదు, అర్థం చేసుకోవాలన్న ఆరాటమే ఉంది. "రోజు తీస్కపోయింది నువ్వే గదమ్మా?"

విక్టోరియా అవునంది. పిల్ల తలూపి, తినని బిస్కెట్టును తల్లి చేతిలో పెట్టి, ఎవరూ లేని గుళ్ళోకి పోయి తన చోట కూర్చుంది.