గ్లౌజులున్నాయి కదా!

మధ్యాహ్నం ఒంటిగంట కొట్టేసరికి రసాయనశాస్త్ర విభాగం మెట్లు రెండేసి చొప్పున దిగుతూ ఒక పరిశోధక విద్యార్థిని పరుగెత్తేది. ఆమెను చూసి కాపలాదారు తన గడియారం సరిచేసుకునేవాడు. ఎదురు భవనంలోని పిల్లల కేంద్రంలో ఆమె రెండేళ్ల కూతురు ఉంటుంది. అమ్మ వచ్చి చెంచాతో తినిపిస్తే తప్ప ఆ పిల్ల నోరు తెరవదు. ఆయా ఎంత బతిమాలినా సరే, పెదవులు బిగించి గుమ్మం వంకే చూస్తూ కూర్చుంటుంది.

ఇంత హడావిడిలో ఉన్న మనిషి కాబట్టి, ల్యాబులో కొన్ని దగ్గరిదారులు కనిపెట్టుకుంది. పొద్దున తొడిగిన గ్లౌజులు మధ్యాహ్నం దాకా తీయదు. ఫోను మోగితే ఆ చేత్తోనే తీస్తుంది. తలుపు పిడి పట్టుకున్నా, పెన్ను పట్టుకున్నా ఆ చేత్తోనే. వెళ్లేటప్పుడు గ్లౌజులు చెత్తడబ్బాలో పడేసి, చేతులు కడుక్కోకుండానే పరుగు తీస్తుంది. ఎవరైనా అడిగితే జవాబు నాలుక చివరే ఉండేది.

"గ్లౌజులున్నాయి కదా! చేతికేం అంటిందని కడగడం?"

ఇందులో తప్పేముందని మీకూ అనిపించిందా? అయితే సిగ్గుపడనక్కర్లేదు. ఆమె గైడుకూ తప్పనిపించలేదు, పక్కబల్ల వాళ్లకూ అనిపించలేదు. అందరూ డిగ్రీల మీద డిగ్రీలు ఉన్నవాళ్లే.

అనిపించింది ఒక్కరికే. ముప్పై ఏళ్లుగా ఆ ల్యాబు తాళాలు మోస్తున్న టెక్నీషియనుకు. నిదానమే ప్రధానమని రోజుకు పదిసార్లు అంటాడని విద్యార్థులు ఆయనకు 'నిదానం గారు' అని పేరు పెట్టారు. ఎదురుపడితే మాత్రం బుద్ధిగా 'బాబాయ్' అంటారు.

సోమవారం నుంచి ఆమె ఒక కొత్త పదార్థంతో పని మొదలుపెట్టాలి. ఒంటి మీద చుక్క పడినా చర్మంలోకి ఇంకి, నరాలను దెబ్బతీసే విషం అది. దాన్ని దాచిన గది తాళంచెవి నిదానం గారి దగ్గర ఉంది. ఇవ్వనన్నాడాయన.

"ఎందుకివ్వరు బాబాయ్? గైడుగారు సంతకం పెట్టారు. థీసిస్ ఇవ్వడానికి నాకింకా ఆర్నెల్లే గడువుంది!"

"సంతకం చూశానమ్మా. నీ చేతులూ చూశాను."

"నా చేతులకేమైంది? గ్లౌజులున్నాయి కదా!"

"ఉన్నాయిలే తల్లీ. శుక్రవారం సాయంత్రం దాకా ఆగు. అప్పటికీ కావాలంటే నేనే తెచ్చిస్తాను."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటాడీ పెద్దమనిషి, అని సణుక్కుంటూ వెళ్లిపోయిందామె.

శుక్రవారం పొద్దున్నే, ఇంకా ఎవరూ రాకముందే, ఆమె రోజూ వాడే సీసా మెడకు ఆయన చిటికెడు పొడి రుద్దాడు. పసిపిల్లల నోట్లోకి వెళ్లినా హాని చెయ్యని రకం. మామూలు వెలుతురులో అది కంటికి ఆనదు.

సాయంత్రం అయిదింటికి ఆమెను పిలిచి, తెరలు దించి, లైట్లార్పి, చేతిలోని చిన్న ఊదారంగు దీపం వెలిగించాడు.

సీసా మెడ లేత ఆకుపచ్చగా వెలుగుతోంది. దీపం కదిలినకొద్దీ చీకట్లోంచి ఒక్కొక్కటే బయటపడ్డాయి. కుర్చీ చేయి, సొరుగు పిడి, నోటుపుస్తకం అంచులు, తలుపు, గోడ మీద స్విచ్చు. పొద్దుట్నుంచి తాను తిరిగిన దారంతా ఎవరో వెలుగుతో ముగ్గేసినట్టుంది. ఇంత అందమైన దృశ్యాన్ని ఆమె ఆ ల్యాబులో ఎన్నడూ చూడలేదు. ఫోను నిండా వెలుగే. గోడకున్న అద్దంలో తొంగి చూసుకుంటే చెవి మీద, చెంప మీద, ముంగురుల మీద అదే పచ్చదనం. పెన్ను మూత కొరికే అలవాటుంది కనక, కింది పెదవి మీద కూడా.

"ఇదంతా... నేనేనా బాబాయ్?"

"నువ్వొక్కదానివే, ఒక్క రోజులో. గ్లౌజు నీ చేతికి అంటనివ్వలేదు, నిజమే. కానీ ఆ గ్లౌజే ఫోనును ముట్టుకుంది. గ్లౌజు తీసేశాక అదే ఫోనును ఉత్తచేత్తో పట్టుకున్నావు."

ఆమె ఉలిక్కిపడింది.

"మధ్యాహ్నం... పాపకు తినిపించాను. ఆ దీపం ఇలా ఇవ్వండి బాబాయ్!"

ఈ పొడితో భయం లేదని ఆయన చెబుతూనే ఉన్నాడు, ఆమె సగం మెట్లు దిగిపోయింది. నిదానం గారు జీవితంలో మొదటిసారి నిదానం మరిచి వెనకే పరుగెత్తాడు.

పిల్లల కేంద్రంలో ఆయా కిటికీలు మూసింది. దీపం వెలిగింది.

పాప బుగ్గ మీద అయిదు వేళ్లున్నాయి. బొటనవేలు గడ్డం పక్కన, తక్కిన నాలుగూ చెవి దాకా. తినిపిస్తూ ఆ మొహాన్ని ప్రేమగా తన వైపు తిప్పుకున్న చేతి ముద్ర అది. మారాం చేస్తే ఆడుకోమని అమ్మ ఫోనిచ్చింది కనక, చిన్న గుప్పిళ్లలోనూ వెలుగే. పాప అరచేతులు చూసుకుని మురిసిపోయింది.

"అమ్మా, చుక్కలు!" అంటూ వేళ్లు నోట్లో పెట్టుకోబోయింది.

ఆమె చప్పున చెయ్యి చాపి, అంతలోనే ఆగిపోయింది. కన్నబిడ్డను ముట్టుకోబోయిన తన చేతిని చూసి తనకే భయం వేసింది. ఆయా పాప చేతులు పట్టుకుంది. ఆమె కుళాయి దగ్గరికి పరుగెత్తి, మోచేతుల దాకా సబ్బుతో రుద్ది కడుక్కుని వచ్చి, అప్పుడు బిడ్డను గుండెకు హత్తుకుంది.

"ఇది సోమవారం అయ్యుంటే, బాబాయ్..." ఆమె పాపను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"కాలేదుగా తల్లీ. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? కాలకముందే చూపిద్దామనుకున్నా."

సోమవారం ఆమె తాళంచెవి అడగలేదు. ఫోను ల్యాబు బయటి అరలో పెట్టింది. గ్లౌజులను లోపలి వైపు పైకొచ్చేలా తిప్పి తీయడం, తీసిన ప్రతిసారీ చేతులు కడగడం, గ్లౌజు తొడిగిన చేత్తో తలుపు తాకకపోవడం చంటిపిల్లలా మొదటి నుంచి నేర్చుకుంది. రెండు వారాల తర్వాత ఆయన మళ్లీ పొడి రుద్ది, మళ్లీ దీపం వెలిగించాడు. సీసా, దాని కింది పళ్లెం తప్ప గది అంతా చీకటి. ఆ చీకటిని ఆమె కళ్లారా చూసుకుంది. ఆయన తాళంచెవి ఆమె అరచేతిలో పెట్టాడు.

ఆ ఏడు కొత్తగా చేరిన విద్యార్థుల్లో ఒకడు, చేతులు కడుక్కోమంటే నవ్వి, "గ్లౌజులున్నాయి కదక్కా!" అన్నాడు.

ఆమె కోప్పడలేదు. తెరలు దించుతూ నెమ్మదిగా చెప్పింది.

"గ్లౌజు కాపాడేది నీ చేతిని ఒక్కదాన్నే, తమ్ముడూ. నీ చేతి నుంచి నీవాళ్లను కాపాడాల్సింది నువ్వే."