పదిహేడో సినిమా

“గడ్డం తీసేశాడా పిన్నీ?”

ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, భర్త చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె నడుపుతూ ఆమె అడిగింది. అవతల సినిమాలకి విగ్గులు కట్టే పిన్ని నోట్లో దారం పెట్టుకుని ఉన్నట్టుంది, సగం మాటలు పళ్ళ సందునే ఉండిపోతున్నాయి.

“ఎక్కడ తీశాడమ్మా! ఇంకా బెత్తెడు పెరగాలట. మొన్ననే కొలత తీసుకున్నా. క్లైమాక్సులో సన్యాసిలా కనిపించాలట, ఆ గడ్డానికి సరిపోయే జటలు నన్ను సిద్ధం చేయమన్నారు. తక్కువలో తక్కువ నాలుగు నెలల పని.”

“రెండో నెలలో రిలీజు అంటున్నారు కదా?”

“వాళ్ళదేం పోయింది, అంటారు. ఆ ముక్క గడ్డానికి చెప్పమను, తొందరగా పెరుగుతుంది.”

ఆమెకు నవ్వొచ్చింది కానీ పూర్తిగా నవ్వలేకపోయింది. ఆ గడ్డం సంగతి పొద్దుటి నుంచి ఆమెను వదలడం లేదు. విగ్గుల పిన్ని తీసేశాడని చెబితే బాగుండునని ఆశపడింది. అప్పుడు రెండో నెల అని భర్త చెప్పిందే నిజమయ్యేది, తను ఏ పాపం ఎరగనట్టు చెప్పిన మాట విని ఊరుకోవచ్చు.

రేపు ఆదివారం. ఏడాదిలో చివరి ఆదివారం పత్రికలో ‘దుర్భిణి’ పేరుతో ఒక లిస్టు వస్తుంది. వచ్చే ఏడాది ఎదురుచూడాల్సిన ఇరవై సినిమాలు, ఏది ఏ నెలలో వస్తుందో అంచనాతో సహా. ఇలాంటి లిస్టులు అందరూ వేస్తారు, నిర్మాతలు పోస్టరు మీద ఏ తేదీ అచ్చేస్తే ఆ తేదీ ఎక్కించేస్తారు. దుర్భిణి లెక్క వేరు. ఫలానా సినిమా చెప్పిన రోజుకి రాదు, ఇంకో మూడు నెలలు ఆగండి అని దుర్భిణి రాస్తే మూడు నెలలు ఆగాల్సిందే. చదివేవాళ్ళు ఆ పేజీ కత్తిరించి బీరువా తలుపు లోపలివైపు అతికించుకుంటారు. హాళ్ళవాళ్ళు దాన్ని చూసి వారాలు ఖాళీ పెట్టుకుంటారు. దుర్భిణి అంటే ఆమె భర్త అని ఊరందరికీ తెలుసు.

అది తయారుచేసేది ఆమె అని కూడా కొందరికి తెలుసు. వాళ్ళంతా ఆడవాళ్ళే. పెళ్ళికి ముందు ఆమె ఒక డబ్బింగ్ స్టూడియోలో పనిచేసేది. ఏ నటుడు ఏ గంటకి వచ్చి ఎన్ని రీళ్ళకి గొంతు ఇవ్వాలో రాసిపెట్టే ఉద్యోగం. పెళ్ళయిన ఆరు నెలలకి అత్తగారు, “సినిమావాళ్ళ మధ్య ఆడపిల్ల ఉద్యోగమా? మా ఇంటా వంటా లేదమ్మా,” అన్నారు. భర్త పేపరు మడిచి, “అమ్మ మాట కూడా విను,” అన్నాడు. తను సినిమా విలేకరి, రోజంతా ఆ సినిమావాళ్ళ మధ్యే తిరుగుతాడు, కానీ అది వేరే సంగతి. ఉద్యోగం పోయింది. ఫోను నంబర్లు మాత్రం ఆమె దగ్గరే ఉండిపోయాయి.

పన్నెండేళ్ళ కిందట అతనికి కామెర్లు వచ్చి మంచాన పడ్డాడు. లిస్టు ఇవ్వాల్సిన వారం. “నువ్వే ఏదో ఒకటి రాసి పంపించెయ్, ఎవడు చూడొచ్చాడు,” అన్నాడు గోడవైపు తిరిగి. ఏదో ఒకటి రాయడం ఆమెకు చేతకాదు. స్టూడియోలో ఒక్క గంట అటూ ఇటూ అయినా పది మంది పని ఆగిపోయేది, ఆ భయం ఒంట్లో ఉండిపోయింది. పాత పరిచయాలన్నిటికీ ఫోన్లు చేసింది. తేదీ ఎప్పుడని ఎవరినీ అడగలేదు, అడిగితే అందరూ పోస్టరు మీద ఉన్నదే చెబుతారు. హీరో గడ్డం తీశాడా? తీస్తే షూటింగ్ అయిపోయినట్టు. డబ్బింగులో తన మాటలు తను చెప్పేశాడా? నేపథ్య సంగీతం చేసే ఆయన భార్య పుట్టింటి ప్రయాణం పెట్టుకుందా? పెట్టుకుంటే ఇంట్లో ఆయన పని తెమిలినట్టే, ఇంకో నెలన్నరలో సినిమా హాల్లో ఉంటుంది. ఆ ఏడాది ఇరవైలో పద్దెనిమిది ఆమె చెప్పిన నెలలోనే వచ్చాయి. మరుసటి ఏడు అతను ఆరోగ్యంగానే ఉన్నాడు. అయినా, “పోయినేడు లాగే చేసెయ్, నీకు అలవాటైంది కదా,” అన్నాడు. అలా అలవాటు ఆమెదీ పేరు అతనిదీ అయింది. ఎవరైనా అడిగితే, “నా సోర్సులు నాకున్నాయండీ,” అని నవ్వుతాడు. ఆ సోర్సులతో ఆమె మాట్లాడుతుంటే మాత్రం, “మా ఆవిడకి ఫోనుంటే తిండి కూడా అక్కర్లేదు,” అని ఇంటికొచ్చినవాళ్ళతో అంటాడు. వాళ్ళు నవ్వుతారు. టీ కప్పులు అందిస్తూ ఆమె కూడా నవ్వేది. ఎందుకు నవ్వానా అని తర్వాత గిన్నెలు తోముకుంటూ తన మీద తనే మండిపడేది.

ఈసారి పదిహేడో నంబరు దగ్గర వచ్చింది చిక్కు.

ఆమె రాసిన పదిహేడో సినిమా ఎడిటరమ్మది. ఎడిటరమ్మ అంటే స్టూడియోలో ఆమె పక్క గదిలో రీళ్ళు అతికిస్తూ ఉండిన పిల్ల. ఇరవై ఏళ్ళు ఎవరెవరో తీసిన సినిమాలు కత్తిరించీ అతికించీ ఇప్పుడు తనే ఒకటి తీసింది. ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే నలుగురు ఆడవాళ్ళ కథ. పేరున్న నటులెవరూ లేరు. పోయిన నెలలో ఒక మధ్యాహ్నం కూరగాయలకని చెప్పి వెళ్ళి ఆమె ఆ సినిమా చూసింది. మొదటి అరగంటలోనే ఏడుపొచ్చింది. విషాదానికి వచ్చిన ఏడుపు కాదు. తడి దుప్పటిని ఇద్దరు చెరో కొసా పట్టుకుని మెలిపెట్టేటప్పుడు నడుము ఎక్కడ పట్టేస్తుందో తెలిసినవాళ్ళు తీసిన సినిమా అది. అన్ని పనులూ అయిపోయాయి, సెన్సారు కూడా అయింది, హాళ్ళే దొరకలేదు. ఇద్దరు హాళ్ళ యజమానులు ఒకే మాట చెప్పారట, “దుర్భిణి లిస్టులో వస్తే చూద్దాం లెండి.” లేకపోతే ఆ సినిమా డబ్బాలోనే ఉండిపోతుంది. ఎడిటరమ్మ చెయ్యి పట్టుకుని అడగలేదు, బతిమాలలేదు. “నీకు పెట్టాలనిపిస్తేనే పెట్టు అక్కా,” అంది.

పొద్దున టిఫిన్ తింటూ అతను లిస్టు చూశాడు. పదిహేడు దగ్గర వేలు ఆగింది.

“ఇదేంటి? దీనికోసం ఎవరు ఎదురుచూస్తున్నారు?”

“బాగుందండీ. నేను చూశాను.”

“నువ్వు చూస్తే సరిపోతుందా? ఇది తీసెయ్. మనవాడి సినిమా పెట్టు. రెండో నెల అని రాయి.”

మనవాడు అంటే అతని స్నేహితుడైన నిర్మాత. వచ్చే సినిమాకి కథా చర్చల్లో ఇతనికి ఒక కుర్చీ వేస్తానన్నాడు.

“అది సగం కూడా తీయలేదండీ. హీరో ఇంకా గడ్డం...”

“ఇక సినిమా గురించి నువ్వు నాకు పాఠాలు చెప్తావన్నమాట,” అన్నాడు. గొంతు పెంచలేదు. అతను ఎప్పుడూ పెంచడు. రెండేళ్ళ కిందట ఒక తేదీ గురించి ఆమె ఇలాగే ఒక మాట ఎక్కువ మాట్లాడితే తొమ్మిది రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఎదురుగా నిలబడి ఉంటే తల్లివైపు తిరిగి, “అమ్మా, నా తువ్వాలు ఎక్కడ పెట్టిందో అడుగు,” అనేవాడు. అత్తగారు అడిగేవారు. ఆమె అత్తగారికి చెప్పేది. అత్తగారు మళ్ళీ అతనికి చెప్పేవారు. నాలుగో రోజుకి, తను నిజంగా ఆ గదిలో ఉందా లేదా అని ఆమెకే అనుమానం వచ్చింది. తొమ్మిదో రోజున తప్పు తనదేనని ఒప్పుకుంటే కానీ ఇంట్లో గాలి ఆడలేదు.

ఇస్త్రీ అయింది. అతను ఆ చొక్కా వేసుకుని అద్దంలో చూసుకున్నాడు. సాయంత్రం టీవీలో లైవ్ ప్రోగ్రాం ఉంది, రేపటి లిస్టు గురించి ముందుగా నాలుగు మాటలు చెప్పాలట.

“నాలుగింటికల్లా పంపించెయ్. అయిదున్నరకి వాళ్ళు పేజీ మూసేస్తారు. నా ఫోను ఆఫ్‌లో ఉంటుంది,” అని చెప్పి వెళ్ళాడు.

రెండింటికి ఆమె కంప్యూటరు ముందు కూర్చుంది. ఒక లిస్టు కాదు, రెండు తయారుచేసింది. పందొమ్మిది సినిమాలు రెండింటిలోనూ ఒకటే. మూడింటి దాకా మంచినీళ్ళకని రెండుసార్లు, పొయ్యి ఆపానా లేదా అని ఒకసారి లేచింది. పొయ్యి అసలు వెలిగించనే లేదు. ఎడిటరమ్మ సినిమా పెడితే ఏమవుతుంది? తొమ్మిది రోజులు. ఈసారి తొమ్మిదితో పోదు, స్నేహితుడి ముందు తల తీసేసినట్టవుతుందంటాడు. పెట్టకపోతే ఏమవుతుంది? ఇంట్లో ఏమీ అవదు. ఆ ‘ఏమీ అవదు’ అన్న మాట దగ్గరే ఆమె ప్రాణం కొట్టుకుంది. పన్నెండేళ్ళుగా తను ఏది చేసినా, చేయకపోయినా ఇంట్లో ఏమీ అవకుండా చూసుకోవడమే తన పని. దానికీ ఈ లిస్టుకీ ఇన్నాళ్ళూ తగువు రాలేదు, ఇవాళ వచ్చింది.

నాలుగింటికి అయిదు నిమిషాలుండగా, అతను చెప్పిన లిస్టే పంపింది.

పంపిన పావుగంటకి ఎడిటరమ్మ ఫోను. ఎత్తకూడదనుకుంది, ఎత్తింది.

“అక్కా, హాలాయన ఇప్పుడే ఫోన్ చేశాడు. రేపు పొద్దున్నే పేపరు తెప్పించుకుంటానన్నాడు. అడగకూడదనే అనుకున్నాను కానీ ఉండలేకపోతున్నాను. వెళ్ళిందా?”

“ఆఁ. వెళ్ళింది.”

“నిజంగా? మన సినిమా కూడానా?”

“ఆఁ.”

అవతల ఎడిటరమ్మ ఎవరితోనో అరిచి చెబుతోంది, “వచ్చిందర్రా, లిస్టులో వచ్చిందంట!” ఇంకెవరో ఈల వేశారు.

ఆమె ఫోను పెట్టేసి వంటింటి గట్టు పట్టుకుని నిలబడింది. స్టూడియోలో ఉన్న నాలుగేళ్ళలో ఆమె ఒక్క గంట తప్పు రాయలేదు. ఈ పన్నెండేళ్ళలో ఎప్పుడైనా అంచనా తప్పి ఉండొచ్చు, తెలిసి తెలిసి తప్పు తేదీ ఎప్పుడూ పెట్టలేదు. పావుగంటలో రెండు అబద్ధాలు. ఒకటి ఊరందరికీ, ఒకటి ఆ పిల్లకి. ఇంతకాలం ఇంట్లో ఎన్ని మాటలు పడ్డా ఆమె లోపల ఒక్కటి చెక్కుచెదరకుండా ఉండేది, తను చేసే పని నికార్సైనదని. అది కూడా ఇచ్చేసింది. ఎవరూ చెయ్యి మెలిపెట్టి లాక్కోలేదు, తనే అప్పజెప్పింది.

“అమ్మాయ్, రా రా! మా అబ్బాయి టీవీలో వచ్చాడు!” అయిదు దాటాక హాల్లోంచి అత్తగారు కేకేశారు.

టీవీలో అతను ఇస్త్రీ మడత నలగకుండా కూర్చుని ఉన్నాడు. యాంకరమ్మాయి కళ్ళు పెద్దవి చేసి, ఇన్ని సంగతులు మీకు ముందే ఎలా తెలుస్తాయి సార్ అని అడుగుతోంది.

“అది చెప్తే నా ఉద్యోగం పోతుంది,” అన్నాడు అతను. స్టూడియోలో అందరూ నవ్వారు. “చాలా కష్టం ఉంటుందమ్మా దీని వెనక. ఇంట్లో వాళ్ళకి కూడా తెలియదు నేను ఎంత తిరుగుతానో. రేపటి లిస్టులో ఒక్కటి మీకోసం ముందే చెప్తాను. పదిహేడో నంబరు. రెండో నెలలో వస్తోంది. రాసిపెట్టుకోండి, ఇది నా గ్యారంటీ.”

“చూశావా ఎంత ధీమాగా చెప్తున్నాడో,” అన్నారు అత్తగారు మురిసిపోతూ. “పాపం, వాడి కష్టం వాడికే తెలుసు.”

అప్పుడే ఫోను మోగింది. పత్రికాఫీసు నంబరు. సినిమా పేజీ చూసే సబ్ ఎడిటరు.

“మేడమ్, నమస్తే. చిన్న డౌటు వచ్చింది. పదిహేడో సినిమాకి లిస్టులో ఉన్న నెల చూసి ఫొటో కోసం వాళ్ళ ఆఫీసుకి ఫోన్ చేశాం. అక్కడ ఫోనెత్తినావిడ మాకే తెలియని తేదీ మీకెవరు చెప్పారండీ అని నవ్వుతోంది. సార్ ఫోను ఆఫ్‌లో ఉంది, అందుకే ఇంటికి చేశాను. లైవ్‌లో ఉన్నారు, ఇదిగో నా ఎదురుగానే కనిపిస్తున్నారు. పది నిమిషాల్లో పేజీ వెళ్ళిపోవాలి. దుర్భిణి గారు చెప్తే తప్ప మేం ఒక్క అక్షరం ముట్టుకోం, మీకు తెలుసు కదా. ఏం చేయమంటారు?”

టీవీలో అతను ఇంకా మాట్లాడుతున్నాడు. రేపు పొద్దున పేపర్లో వేరే పేరుంటే, ఈ గ్యారంటీ విన్నవాళ్ళంతా రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. దాన్ని కప్పిపుచ్చడానికి అచ్చుతప్పు అనే దారి కూడా ఉండదు. తొమ్మిది రోజులు కాదు, ఎన్ని రోజులో ఆమెకు తెలియదు.

“మేడమ్, లైన్లో ఉన్నారా?”

“ఎవరమ్మా ఫోన్లో?” అన్నారు అత్తగారు. “దుర్భిణి కోసమా? టీవీలో ఉన్నాడని చెప్పు.”

ఆమె అత్తగారి ఎదురుగానే, హాలు మధ్యలో, రిమోటు తీసుకుని టీవీ గొంతు తగ్గించింది.

“దుర్భిణినే మాట్లాడుతున్నానండీ,” అంది. “పదిహేడోది తప్పు. మార్చాలి, రాసుకోండి.”