తీసేసిన ఏడో పేరా

ఉమ పనిచేసేది మన్‌హాటన్‌లో ఒక ఫౌండేషన్‌లో. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో రైలెక్కి వెళ్లొచ్చేది. రోజూ ఆ రైల్లో కనపడే తెలుగువాళ్లు ఆమె కూడా ఏదో బ్యాంకులో సాఫ్ట్‌వేర్ పని చేస్తుందనుకునేవాళ్లు. కాదని చెబితే సవాలక్ష ప్రశ్నలొస్తాయని ఆమె కూడా ఊరుకునేది.

చదివింది నీళ్ల ఇంజనీరింగ్. పుట్టింది నల్లగొండ జిల్లాలో, ఫ్లోరైడ్ ఊళ్లో. బోరు నీళ్లు తాగి తాగి ఆమె మేనమామ నడుము వంగిపోయింది. ఎదుటి మనిషి మొహం చూడాలంటే తల పక్కకి తిప్పి పైకి చూసేవాడు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు వచ్చి ఆయన భుజం మీద చెయ్యేసి నీళ్లు తెస్తామని మాటిచ్చి వెళ్లేవాళ్లు. నీళ్లొచ్చేసరికి ఆయన లేడు. ఉమ నీళ్ల చదువు చదివింది అందుకే. ఆ చదువుతోనే అమెరికా వచ్చింది, ఆ చదువుతోనే ఈ ఉద్యోగంలో చేరింది.

ఫౌండేషన్ చేసే పని చెప్పడానికి సులువే. రెండు ప్రభుత్వాలు ఒకదాని మొహం ఒకటి చూడలేనప్పుడు, పదవుల్లో లేని మనుషుల్ని ఒక గదిలో కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. వాళ్లు దేనికైనా ఒప్పుకుంటే ఆ కాగితాన్ని పైవాళ్లకి చేరవేస్తారు. ఇజ్రాయెల్, పాలస్తీనాల విషయంలో సరిహద్దులు, రాజధాని, శరణార్థులు అన్నీ పెద్ద పేరున్నవాళ్లు పంచుకున్నారు. గాజా మంచినీళ్లు, మురుగునీళ్లు ఉమకి మిగిలాయి. అవి మిగిలినందుకు ఆమె సంతోషపడింది. మిగతావి మాట్లాడటానికి టైముంది, నీళ్లు లేకపోతే మనిషికి టైముండదు అని రఘుతో అంది. రఘు ఆమె భర్త, తెనాలి అబ్బాయి. ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో డేటాబేస్‌లు చూస్తాడు.

ఉమ గదిలో కూర్చున్నది ఇద్దరు. దోవ్ డెబ్బై దాటిన ఇజ్రాయెలీ, నీళ్ల శాఖలో రిటైరయ్యాడు. అక్టోబర్ ఏడు దాడిలో అతని చెల్లెలి కొడుకుని ఇంట్లోనే చంపేశారు. ఆ తర్వాత కూతురి దగ్గరికి టీనెక్ వచ్చేశాడు. బసీమా గాజాలో మునిసిపల్ నీళ్ల ఇంజనీరు. యుద్ధం మొదలైన కొన్నాళ్లకి జబ్బుపడ్డ తల్లిని తీసుకుని కైరో చేరింది. తల్లి అక్కడే పోయింది. ఆమె ఇప్పుడు పాటర్‌సన్‌లో అక్క ఇంట్లో ఉంటోంది. ఇద్దరూ న్యూజెర్సీలోనే ఉన్నారు, కారులో అరగంట దూరం కూడా లేదు. ఫౌండేషన్ పిలిచేదాకా ఒకరికొకరు తెలీదు.

మొదటి రోజుల్లో బసీమా అతని వైపు చూసి మాట్లాడేది కాదు. చెప్పాల్సింది ఉమకి చెప్పేది. దోవ్ కూడా అంతే. ఒకే గదిలో కూర్చున్న ఇద్దరికి ఉమ ఇంగ్లిష్ నుంచి ఇంగ్లిష్‌కి అనువాదం చేస్తున్నట్టుండేది. పంపులకి డీజిల్, క్లోరిన్, ఉప్పునీటిని మంచినీళ్లు చేసే ప్లాంటుకి కరెంటు లైను, ఒక్కొక్కటే తేలుతూ వచ్చింది. ఏడో పేరా దగ్గర ఆగిపోయారు.

ఏడో పేరా పైపులు బాగుచేసే మనుషుల గురించి. బసీమా దగ్గర పనిచేసిన సలీమ్ అనే మెకానిక్, మరో ఇద్దరు కలిసి పగిలిన మెయిన్ లైను దగ్గరికి వెళ్తుంటే దారిలోనే వాళ్ల బండి మీద బాంబు పడింది. ఏ దారిలో వెళ్తున్నారో, ఏ బండో ఇజ్రాయెల్ సైన్యానికి ముందే చెప్పి బయల్దేరారు. ఎవరు కొట్టారన్న విచారణ జరుగుతోందన్నారు. ఆ సంగతి చెప్పి బసీమా మొదటిసారి దోవ్ మొహంలోకి చూసింది. ఎవరు కొట్టారన్నదాంట్లో తనకి ఏ అనుమానమూ లేదంది.

దోవ్ "నాకూ లేదు," అన్నాడు.

ఆ మాట అన్నందుకు తనకి ఒక మాట కావాలన్నాడు. పంపు హౌసుల్లో ఆయుధాలు పట్టుకున్న మనుషులు ఉండటం ఆమె ఎప్పుడైనా చూసిందా అని అడిగాడు. బసీమా కుర్చీలోంచి లేచి వెళ్లిపోయింది. ఆ వారం రాలేదు. పై వారం వచ్చి, కోటు కూడా విప్పకుండా, చూశానంది. ఒకసారి చూశాను, వెళ్లిపొమ్మనే ధైర్యం నాకు లేకపోయింది, నా మనుషుల్ని ఆ గదిలోనే పనికి పంపాను అంది. ఆ రోజు ఇద్దరూ గొంతులు బొంగురుపోయేలా అరుచుకున్నారు. చివరికి రెండు వాక్యాలు రాశారు. నీళ్ల సిబ్బంది సమాచారమిచ్చి బయల్దేరితే వాళ్ల మీద ఎవరూ ఏ కారణం చేతా దాడి చేయకూడదు. నీళ్లకి సంబంధించిన ఏ కట్టడంలోకీ ఎవరూ ఆయుధంతో అడుగు పెట్టకూడదు. మొదటి వాక్యం దోవ్ చేతిరాతలో ఉంది, రెండోది బసీమా చేతిరాతలో.

ఆ సాయంత్రం ఇంటికొచ్చిన ఉమ అన్నం కూడా తినకుండా ఈ సంగతే చెప్పింది. ఏడో క్లాసు చదువుతున్న కూతురు సాన్వి, "సో దే ఆర్ ఫ్రెండ్స్ నౌ?" అని అడిగింది. కాదంది ఉమ.

ఫౌండేషన్ డైరెక్టరు క్యాథరిన్, ఒకప్పుడు రాయబారిగా చేసిన మనిషి. కాగితం తీసుకుని రెండు వైపులా తిరిగొచ్చింది. ఒక మధ్యాహ్నం ఉమని తన గదిలోకి పిలిచి తలుపు వేసింది. అద్భుతమైన వార్త, అన్ని పేరాలకీ రెండు వైపులా అభ్యంతరం లేదంది, ఒక్క ఏడు తప్ప. దాని స్థానంలో వాళ్లు పంపిన వాక్యం చూపించింది. నీటి సిబ్బంది భద్రతకు సాధ్యమైన మేరకు తగిన ప్రాధాన్యం ఇవ్వవలసిన అవసరాన్ని ఇరుపక్షాలు గుర్తిస్తున్నాయి.

ఉమ ఆ వాక్యాన్ని మళ్లీ చదివింది. ఎవరు మార్చమన్నారని అడిగింది.

"ఇద్దరూ," అంది క్యాథరిన్. "ఒకరికి మొదటి వాక్యం వద్దు, ఇంకొకరికి రెండోది వద్దు. ఇంత తొందరగా ఇద్దరూ ఒకే మాట మీదికి రావడం నా అనుభవంలో ఇదే మొదటిసారి."

క్యాథరిన్ అది వెటకారంగా అనలేదు. నిజంగానే కొంచెం గర్వంగా చెప్పింది. ఉమకి ఒళ్లు మండింది. చంపకండి, దాక్కోకండి అని రెండు ముక్కలు రాస్తే, ఆ రెండూ తీసేయడానికి మాత్రం ఇద్దరూ చేతులు కలిపారు. దాన్ని ఈవిడ విజయం అంటోంది. దోవ్‌కీ బసీమాకీ చెప్పారా అని అడిగింది. లేదు, బుధవారం సభలో దాతలు, రాయబారులు అందరూ ఉంటారు, ఆ తర్వాత నెమ్మదిగా నువ్వే చెప్పు, నీ మాటైతే వింటారు అంది క్యాథరిన్. సభలో సాంకేతిక విషయాలు వివరించాల్సింది కూడా ఉమే.

ఉమ అదే రోజు ఇద్దరికీ ఫోన్ చేసి చెప్పేసింది. దోవ్ హీబ్రూలో ఏదో తిట్టాడు. బసీమా మాత్రం, "అక్కడ పనికెళ్లే మా వాళ్లకి ఫోన్ చేసి నేనేం చెప్పాలి?" అంది.

ఆ ఆదివారం ప్లేనో నుంచి వచ్చిన రఘు బాబాయి కేశవరావు భోజనానికొచ్చాడు. ఉమ పని గురించి విని, అసలు ఆ దేశాల గొడవ మనకెందుకమ్మా అంటూనే గంటసేపు అదే మాట్లాడాడు. ఎవరిది తప్పో, ఎవరిని ఎలా అణిచేయాలో, వాట్సాప్‌లో వచ్చిన వీడియోలు చూపిస్తూ క్రికెట్ మ్యాచ్ లెక్కన చెప్పుకుపోయాడు. ఉమ పెరుగు వడ్డిస్తూ, "బాబాయ్‌గారూ, ఆ వీడియోలో పిల్ల ఎత్తుకున్న బిందెలో ఉన్నవి ఏ నీళ్లో చూశారా?" అని అడిగింది. ఆయనకి అర్థం కాలేదు. చూడలేదన్నాడు. ఉమ వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆయన వెళ్లాక రఘు గొడవ పెట్టుకున్నాడు. బుధవారం సభలో ఏదో చేస్తావని నీ మొహం చూస్తేనే తెలుస్తోంది అన్నాడు. గ్రీన్ కార్డ్ క్యూ ఎక్కడుందో గుర్తు చేశాడు. తన కంపెనీలో లేఆఫ్‌లు నడుస్తున్నాయని, ఇద్దరి ఉద్యోగాలూ ఒకేసారి పోతే సాన్విని ఏ స్కూల్లో వేస్తామో చెప్పమన్నాడు. ఉమ వింది. అతను చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా తప్పు లేదు. అందుకే ఆమెకి ఇంకా కోపం వచ్చింది.

"నేనేం చేస్తానో నాకే తెల్వదు రఘూ," అంది. "కానీ ఆ కొత్త వాక్యం నా నోటితోని చదవను."

బుధవారం మధ్యాహ్నం హాలు నిండిపోయింది. దోవ్, బసీమా ముందు వరసలో ఉన్నారు. సంతకాలు వాళ్లవే కావాలి కాబట్టి వాళ్లిద్దరి ముందూ వాళ్ల పేర్లున్న కాగితం పెట్టారు. క్యాథరిన్ మాట్లాడింది, ఒక రాయబారి మాట్లాడాడు. ఆశ, ధైర్యం, చరిత్రాత్మకం అనే మాటలు వినపడుతున్నాయి. తర్వాత ఉమని పిలిచారు.

ఆమె డీజిల్ గురించి చెప్పింది, క్లోరిన్ గురించి చెప్పింది. గొంతు మామూలుగానే ఉంది. ఏడో పేరా వచ్చేసరికి కాగితం పక్కన పెట్టి, దోవ్, బసీమా రాసిన రెండు వాక్యాలూ కంఠతా చెప్పింది.

"మీ చేతుల్లో ఉన్న కాగితంలో ఇవి లేవు," అంది. "రాసినవాళ్లు తీసేయలేదు. రాసినవాళ్లని అడగలేదు కూడా. ఒకరు చంపే హక్కు వదులుకోలేదు, ఇంకొకరు దాక్కునే హక్కు వదులుకోలేదు. ఇక్కడున్న మనమంతా దానికి చప్పట్లు కొట్టడానికి వచ్చాం."

రాయబారి మైకు దగ్గరికొచ్చి, ఆమె ఆవేదనకి కృతజ్ఞతలు, ఇలాంటి నిబద్ధతే ఈ ప్రక్రియకి ప్రాణం అని చిరునవ్వుతో అన్నాడు. తను అన్న మాటని ఆ పొగడ్తతోనే తుడిచేశారని ఉమకి అర్థమైంది. తిట్టినా బాగుండేది.

అప్పుడు దోవ్ లేచాడు. కాగితం మీద తన పేరు కొట్టేశాడు. పెన్ను బసీమాకిచ్చాడు. ఆమె కూడా తన పేరు కొట్టేసింది. ఇద్దరూ చెరో తలుపులోంచి వెళ్లిపోయారు.

సభ అయ్యాక క్యాథరిన్ ఉమని కారిడార్లో ఆపింది. ఆమె కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "ఒక్క పేరా కోసం మిగతావన్నీ చంపేశావు," అంది. "అందులో క్లోరిన్ ఉంది. డీజిల్ ఉంది. సగం అబద్ధమే కానీ, మిగతా సగంతో కొంతమంది పిల్లలకి విరేచనాలు తగ్గేవి. నీ కోపం నీకు శుభ్రంగా ఉండొచ్చు ఉమా. వాళ్ల నీళ్లు మాత్రం అలాగే ఉన్నాయి."

ఆ మాట ఆమెని ఇప్పటికీ వదల్లేదు. క్యాథరిన్ తప్పు అని రుజువు చేసుకోవడానికి ఆమె ఎన్నోసార్లు ప్రయత్నించింది. క్లోరిన్ మోసుకెళ్లే మనిషిని దారిలో చంపితే ఆ క్లోరిన్ ఎక్కడికి చేరుతుంది అనుకుంటుంది. చేరేది కొంతైనా చేరేదేమో అని మళ్లీ అనుకుంటుంది. రెండు మాటలకీ మధ్య ఆమెకి నిద్ర పట్టదు.

ఆ వారంలోనే ఉద్యోగం పోయింది. రఘు కొన్ని రోజులు మాట్లాడలేదు. తర్వాత తనే లాయరుతో మాట్లాడి ఆమెని తన మీద ఆధారపడే డిపెండెంట్ వీసా, హెచ్4కి మార్చడానికి అప్లై చేశాడు. ఇక ఉద్యోగం చేయడానికి లేదు. సంతకం పెట్టమని ల్యాప్‌టాప్ ఆమె ముందు పెట్టి, "నీ మీద నాకు కోపం పోలేదు," అన్నాడు. "కానీ ఆ సభ వీడియో చూశాను. వాళ్లిద్దరూ పేర్లు కొట్టేసినప్పుడు లేచి నిలబడ్డాను, ఆఫీసులో, అందరి ముందు."

టీనెక్‌లో కొందరు దోవ్‌తో మాట్లాడటం మానేశారు. పంపు హౌస్ సంగతి బయటికొచ్చి, బసీమాని పాటర్‌సన్‌లో ఆమె బావే ద్రోహి అన్నాడు. ఆమె సామాను తీసుకుని వేరే గది చూసుకుంది.

రెండు నెలల తర్వాత ఒక శనివారం పొద్దున బసీమా ఎడిసన్‌లో ఉమ ఇంటి తలుపు కొట్టింది. వెనకాల దోవ్ కారు పార్క్ చేస్తున్నాడు. గది లేదు, డైరెక్టరు లేదు, పైకి చేరవేసేవాళ్లు లేరు, నీ డైనింగ్ టేబుల్ ఖాళీగా ఉందా అని అడిగింది బసీమా. క్లోరిన్, డీజిల్ పేరాలు మళ్లీ రాయాలంది. ఈసారి ప్రభుత్వాలకి కాదు, సహాయం పంపే సంస్థలకి, నేరుగా.

అప్పట్నుంచీ శనివారాలు వాళ్లవే. రఘు టీ పెట్టి ఇచ్చి సాన్విని డాన్స్ క్లాసుకి తీసుకెళ్తాడు. తిరిగొచ్చేసరికి లోపల అరుపులు వీధిలోకి వినిపిస్తుంటాయి. సలీమ్ పేరు వస్తుంది, దోవ్ మేనల్లుడి పేరు వస్తుంది. ఒకరి చావుని ఇంకొకరు పక్కకి నెట్టనివ్వరు. కుర్చీలు వెనక్కి జరుగుతాయి, మళ్లీ ముందుకి జరుగుతాయి. ఇప్పటిదాకా ఒక్క సంస్థ మాత్రమే జవాబిచ్చింది, అదీ పరిశీలిస్తామని.

మొన్న శనివారం మరో సంస్థకి ఉత్తరం తయారైంది. ఉమ ల్యాప్‌టాప్‌లో పైకి చదువుతోంది. సిబ్బందికి రక్షణ కల్పించవలసిందిగా వినయపూర్వకంగా కోరుతున్నాము అని చదవగానే దోవ్ చెయ్యెత్తాడు.

"ఆ వినయం ఎవరిది?" అన్నాడు.

"నాది కాదు," అంది బసీమా.

ఉమ ఆ మాట తీసేసింది. తర్వాత 'కోరుతున్నాము' కూడా తీసేసి, 'కల్పించాలి' అని టైప్ చేసి, తర్వాతి వాక్యంలోకి వెళ్లింది.